నాన్న బండి తాళం దాచేశాను. ఇది జాగ్రత్తా, చిన్నచూపా?

సత్యనారాయణపురం అబ్బాయి

మా నాన్నగారికి 73 ఏళ్లు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. పోయిన నెల రైతుబజారు నుంచి వస్తూ ఏలూరు రోడ్డు మలుపులో ఇసుక మీద బండి జారి పడ్డారు. మోచెయ్యి దోక్కుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. ఆ రాత్రే తాళం తీసి నా బీరువాలో పెట్టేశాను. "ఎక్కడికి వెళ్లాలన్నా చెప్పండి, నేను దింపుతాను, నేను లేకపోతే ఆటో బుక్ చేస్తాను" అన్నాను. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

మూడు వారాలైంది. గాంధీనగర్‌లో స్నేహితులు కూర్చునే టీ కొట్టుకి వెళ్లడం మానేశారు. దింపుతానంటే "ఇవాళ వద్దులేరా" అంటారు. ఒకే పేపరు రెండుసార్లు చదువుతున్నారు. అమ్మేమో ఆయన ఇంట్లోనే ఉంటున్నారు, నాకు టెన్షన్ తగ్గిందంటోంది. చెల్లెలు మాత్రం "నువ్వే ఆయన్ని ముసలాయన్ని చేశావన్నయ్యా" అంది. ఆ మాట దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. నేను చేసింది తప్పా?

బ్రాడీపేట టీచరమ్మ

బాబూ, నాకు 68. మీ నాన్నగారి వైపు నుంచి చెప్తాను.

కిందటేడు ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యువల్‌కి మా అబ్బాయిని తోడు తీసుకుని బ్యాంకుకి వెళ్లాను. డబ్బు నాది, సంతకం నాది. కౌంటర్లో ఉన్నాయన మాత్రం "అమ్మగారికి ఎన్నేళ్లకి వేయమంటారు?" అని మావాణ్ణి అడిగాడు. నేను ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నాను. 35 ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ఆయన అమర్యాదగా ఏమీ మాట్లాడలేదు, కుర్చీ కూడా వేయించాడు. కుర్చీ వేశాడు గానీ నన్ను లెక్కలోంచి తీసేశాడు. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

నువ్వు నాన్నగారిని ఏమీ అడగలేదు. తాళం తీసేసి ఆ తర్వాత చెప్పావు. ఆయన బాధ బండి గురించి కాదని నాకనిపిస్తోంది.

మంగళగిరి ఆడపడుచు

టీచర్ గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, ఈ మాటలు వినడానికి బాగుంటాయి. మా నాన్నకి 70 ఏళ్లప్పుడు మా తమ్ముడు బండి ఆపేయమన్నాడు. "పోనీరా, ఆయన ఇష్టం" అని అడ్డుపడింది నేనే. ఒకరోజు సాయంత్రం ఏడింటికి కాజ టోల్‌గేట్ దాటాక ఎదురుగా లారీ లైట్లు కళ్లలో పడి డివైడర్‌కి గుద్దుకున్నారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, ఎనిమిది నెలలు మంచం. నేను ఉద్యోగం మానేశాను. ఇప్పటికీ చెయ్యి పట్టుకోనిదే బాత్రూమ్‌కి వెళ్లలేరు.

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. పాతికేళ్లవాడికి పడినా ఎముక అతుక్కుంటుంది. డెబ్బై దాటాక ఒక్కసారి పడితే మనిషే మారిపోతాడు. తమ్ముడూ, నువ్వు చేసింది ముమ్మాటికీ కరెక్ట్. నాన్నగారు అలిగితే అలగనీ.

పటమట సాఫ్ట్‌వేర్

అక్కా, మీకు జరిగింది చదివి చాలా బాధేసింది. కానీ రోడ్డు ప్రమాదాల లెక్క అన్ని వయసులవాళ్లదీ. మనం కుర్రాళ్ల తాళాలు దాచడం లేదు కదా?

వయసు చూసి మనిషిని కొలవడానికి ఇంగ్లీషులో ఏజిజం అని పేరుంది. 1969లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ పెట్టిన పేరు. వాషింగ్టన్ పక్కనే ఉన్న ఒక కాలనీలో పేద వృద్ధులకి ఇళ్లు కేటాయిస్తామంటే చుట్టుపక్కలవాళ్లు ఒప్పుకోలేదు. ఆ గొడవ చూసి ఆయన ఈ మాట వాడారు.

ఇంకోటి. "ముసలివాళ్లకి కొత్తవి బుర్రకెక్కవు" అంటాం. కె. వార్నర్ షాయి అనే ఆయన 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టి, అవే మనుషులకి ఏడేళ్లకోసారి పరీక్షలు పెడుతూ వచ్చారు. ఒకే రోజు కుర్రాళ్లనీ పెద్దవాళ్లనీ పక్కపక్కన పెట్టి పోలిస్తే పెద్దవాళ్లు బాగా వెనకబడ్డట్టు కనిపిస్తుంది. అదే మనిషిని ఏళ్ల తరబడి చూస్తే తగ్గుదల అంత లేదు, చాలామందిలో అరవైల దాకా పెద్దగా లేనే లేదు. తేడాలో కొంత వయసుది, కొంత తరానిది, చదువుకున్న చదువుది. మా నాన్నకి ఫోన్‌పే రాదంటే కారణం బుర్ర అరిగిపోవడం కాదు, ఆయన చేతికి స్మార్ట్‌ఫోన్ అరవై దాటాక వచ్చింది.

యేల్ యూనివర్సిటీలో బెకా లెవీ 2002లో ఇంకా గట్టి విషయం చెప్పారు. ఒహాయోలో 50 దాటిన 660 మందిని ఇరవై ఏళ్లకి పైగా గమనిస్తే, తమ ముసలితనం గురించి మంచిగా అనుకున్నవాళ్లు చెడుగా అనుకున్నవాళ్ల కన్నా సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారు.

మంగళగిరి ఆడపడుచు

తమ్ముడూ, ఇళ్లు ఇవ్వనివ్వబోమన్నవాళ్ల కథ తెచ్చి, నాన్న పడతాడేమోనని నిద్రపోని కొడుక్కి అతికిస్తున్నావు. అది అసహ్యం, ఇది భయం. రెండింటికీ ఒకే పేరు పెడితే నేను ఒప్పుకోను.

కంటి పరీక్షల మనిషి, లబ్బీపేట

రోజూ ఇదే పని చేస్తాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి లెన్స్ పసుపెక్కుతుంది. 20 ఏళ్ల కంట్లోకి వెళ్లే వెలుతురులో అరవై ఏళ్లకి దాదాపు మూడో వంతే రెటీనాకి చేరుతుంది. దానికి శుక్లం తోడైతే ఎదురు లైటు ఒక చుక్కలా కనపడదు, కళ్లంతా పరుచుకుంటుంది. మంగళగిరి మేడమ్ గారి నాన్నగారికి ఏడింటప్పుడు జరిగింది బహుశా అదే. అదే మనిషి ఉదయం పదింటికి ఆ రోడ్డు మీదే చక్కగా వెళ్లి ఉండొచ్చు. వెలుతురు తగ్గాక నడపడం, ఎండలో నడపడం రెండు వేరు పనులు.

చట్టం కూడా వయసు చూసి బండి ఆపమనలేదు. 40 దాటితే డాక్టర్ సర్టిఫికెట్ కావాలంది, 55 దాటాక రెన్యువల్ ఐదేళ్లకోసారి అంది. ఆ కాగితం కోసం నిజంగా కళ్లు చూపించుకునేవాళ్లు తక్కువ, నా బాధ అదీ. నా దగ్గరికి 76 ఏళ్లాయన వస్తారు, ఆపరేషన్ చేయించుకున్నాక ఆఖరి వరుస దాకా చదువుతారు. 52 ఏళ్ల ఇంకొకాయన షుగర్‌తో పక్క చూపు పోగొట్టుకుని కూడా రోజూ బెంజ్ సర్కిల్ మీదుగా బండి మీదే తిరుగుతున్నారు. తాళం దాచాల్సిందే అయితే ఈయనది దాచాలి. వయసు పెరిగే కొద్దీ మనుషుల మధ్య తేడాలు కూడా పెరుగుతాయి.

పటమట బాబూ, ఆ ఏడున్నరేళ్ల లెక్కని జాగ్రత్తగా వాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే మంచిగా అనుకుంటారేమో కదా? వాళ్లు ఆరోగ్యం, ఆదాయం, ఒంటరితనం లెక్కలోకి తీసుకునే చూశారు, నిజమే. అయినా రెండింటికీ సంబంధం ఉందని తెలుస్తుంది గానీ, ఆలోచన మారిస్తే ఆయుష్షు పెరుగుతుందని రుజువైనట్టు కాదు. ఈ చర్చలో అసలు విషయానికి దగ్గరగా ఉన్నది వేరే ఉంది. 2016లో కొలంబియా యూనివర్సిటీవాళ్లు పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, డ్రైవింగ్ మానేసిన పెద్దవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు దాదాపు రెట్టింపు కనిపించాయి. అవి ఎక్కువగా కార్ల దేశాల సంగతులు. అయినా ఒకే పేపరు రెండుసార్లు చదువుతున్నారని మొదటి పోస్టులో చూడగానే నాకు అదే గుర్తొచ్చింది.

బ్రాడీపేట టీచరమ్మ

వయసు అంకె గురించి ఒకటి గుర్తొచ్చింది. నేను సర్వీసులో చేరిన మరుసటి ఏడు, 1983లో, ఎన్టీఆర్ ప్రభుత్వం రిటైర్మెంట్ వయసుని 58 నుంచి 55కి దించింది. మా హెడ్మాస్టర్ గారు సోమవారం దాకా స్కూలంతా నడిపిన మనిషి, ఒక్క జీవోతో పెద్దాయన అయిపోయి ఇంటికెళ్లారు. తర్వాత మళ్లీ 58 చేశారు. 2014లో 60, 2022లో 62. నేను 60కి దిగాను. నా తర్వాతివాళ్లు 62కి దిగుతున్నారు. రెండేళ్లలో వాళ్ల మెదడు నా మెదడు కన్నా బాగుపడిందా?

మంగళగిరి అమ్మాయీ, నీ మాట కొట్టిపారేయను. నువ్వు పడ్డ కష్టం నేను పడలేదు. ఒక్కటి అడుగుతాను. రాత్రిపూట లైట్లు ఎలా కనిపిస్తున్నాయని మీ నాన్నగారిని ఎవరైనా ముందే అడిగారా? ఆపెయ్ అన్నవాడూ అడగలేదు, పోనీ అన్నదానివి నువ్వూ అడగలేదు.

మంగళగిరి ఆడపడుచు

లేదండీ, అడగలేదు. అడిగినా ఆయన బాగానే కనిపిస్తోందనేవారు. భయం ఉన్నా చెప్పరు, చెబితే తాళం పోతుందని. అందుకే అడిగితే చాలనే మాట నేను ఇప్పటికీ నమ్మలేను. కానీ కళ్లు చూపించి ఉంటే దొరికేదేమో. అది మాత్రం ఒప్పుకుంటాను.

సత్యనారాయణపురం అబ్బాయి

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. మొన్న రాత్రి తాళం తెచ్చి నాన్నగారి ముందు పెట్టి, "అడక్కుండా తీశాను, తప్పయింది" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పారు: ఆ రోజు ఇసుక కనపడలేదట. ఆరు నెలలుగా సాయంత్రాలు మసకగా ఉంటోందట. "చెబితే నువ్వు ఇదే చేస్తావని చెప్పలేదు" అన్నారు.

మంగళగిరి అక్క చెప్పిందీ, టీచర్ గారు చెప్పిందీ రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. నిన్న కళ్లు చూపించాం. రెండు కళ్లలోనూ శుక్లం. కుడి కంటికి వచ్చే వారం ఆపరేషన్. తాళం మాత్రం ఆయన తీసుకోలేదు, నేనూ తీయలేదు. టీవీ పక్కనే ఉంది. ఇవాళ ఉదయం గాంధీనగర్ టీ కొట్టుకి నడిచే వెళ్లారు, నన్ను దింపమనలేదు.