కోట గోడ మీది దారిని తెలుగులో ఏమంటారు?

చంద్రపూర్‌లో మా తెలుగువాళ్లు ఉగాదికి ఒక చిన్న సంచిక వేస్తారు. ఈసారి ఊరి కోట గురించి ఒక పేజీ రాయమని నన్ను పట్టుకున్నారు. మరాఠీలో బడి చదువు చదివినవాణ్ణి, తెలుగు ఇంట్లో నేర్చుకున్నవాణ్ణి. రాయగలనులే అని ఒప్పుకుని కూర్చుంటే మూడో వాక్యంలోనే బండి ఆగింది.

మన గ్రూపులో ఇక్కడివాళ్లు కాని సభ్యుల కోసం రెండు ముక్కలు. ఊరి పాత పేరు చాందా. గోండు రాజుల రాజధాని. పాత ఊరంతా ఒక రాతి గోడ లోపల ఉంది, మరాఠీలో దాన్ని పరకోట్ అంటారు. పడమర ఇరై నది, తూర్పున ఝర్పట్ వాగు. గోడకు నాలుగు పెద్ద ద్వారాలు: జట్‌పురా, బినబా, పఠాన్‌పురా, అంచలేశ్వర్. ఇవి కాక అయిదు చిన్నవి, వాటిని ఖిడ్కీలంటారు: బగడ్, హనుమాన్, విఠోబా, చోర్, మసాన్. ఆ మధ్య కొందరు యువకులు గోడ మీది తుప్పలూ పిచ్చిచెట్లూ నరికి శుభ్రం చేశాక, కొంతమేర దాని మీద నడిచి చూడొచ్చు. నేను ఆగిపోయింది అక్కడే. "సెలవు రోజుల్లో జనం ఈ ... వెంట నడుస్తున్నారు." ఆ చుక్కల చోట ఏం రాయాలి?

ముందు "వలయ రహదారి" అని రాశాను. హైదరాబాదు పేపర్లో చూసి తెచ్చుకున్న మాట. మా ఆవిడ చదివి, "గోడ మీద లారీలు పోతాయా?" అంది. కొట్టేశాను. "చుట్టుదారి" అని రాశాను. అది మరీ తప్పు. చుట్టుదారి అంటే దగ్గరి దారి వదిలేసి దూరంగా తిరిగి పోవడం కదా. "గోడ మీది దారి" అని రాస్తే సరిపోతుంది, తెలుసు. కానీ వెయ్యేళ్లు కోటలు కట్టిన భాషలో దీనికి ఒక మాట లేదంటే మనసొప్పడం లేదు.

ఇంకో ఇబ్బంది ఖిడ్కీ. క్రితం ఏడాది హైదరాబాదు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. "పద, బగడ్ ఖిడ్కీ చూపిస్తా" అన్నాను. తీరా వెళ్లాక తల పైకెత్తి గోడంతా వెతుకుతున్నాడు, కిటికీ ఎక్కడుందా అని. ఒక బండి, నలుగురు మనుషులు అతని పక్కనుంచే అందులోంచి దాటిపోయారు. దీన్ని తెలుగులో ఏమనాలి?

*

రాజురా మాస్టారు:

ఖిడ్కీ సంగతి తేలిక. మీ నాయనమ్మ ఉండి ఉంటే చెప్పేది, దిడ్డి అని. కరీంనగర్, ఆదిలాబాదు వైపు ఇప్పటికీ ఇంటి వెనక చిన్న తలుపును దిడ్డి దర్వాజ అంటారు. పెద్ద ద్వారం గవని, పక్కన చిన్నది దిడ్డి. మీ మేనల్లుడికి మన కిటికీ అడ్డొచ్చింది, అంతే. కిటికీ అన్న మాట వచ్చిందే ఈ ఖిడ్కీ నుంచి. మనం తెచ్చుకునేటప్పుడు గాలి వచ్చే ఖిడ్కీని మాత్రం తెచ్చుకుని, మనిషి దూరే ఖిడ్కీని వదిలేశాం. హైదరాబాదు పాతబస్తీ గోడకూ దర్వాజాలతో పాటు ఖిడ్కీలుండేవి, అబ్బాయికి అది చెప్పండి.

ఇక రహదారి. ఆ మాటను చూసి చాలామంది మోసపోతారు. అందులో 'దారి' వినబడుతుంది గనుక మన సొంతమే అనుకుంటాం. అది మన దారి కాదు. ఫారసీలో రాహ్ అంటే దారి. రాహ్‌దార్ అంటే దారి మీద కాపలా ఉండేవాడు. వాడు సరుకు బండ్లను ఆపి వసూలు చేసే సుంకం రాహ్‌దారీ. మొగలాయీల కాలంలో అది పెద్ద బెడద. ఔరంగజేబు గద్దెనెక్కగానే దాన్ని రద్దు చేస్తున్నట్టు చాటించాడు. పాత తెలుగులో రహదారి అంటే దారిన పోనిమ్మని ఇచ్చే అనుమతి చీటీ కూడా. తర్వాత తర్వాత సుంకం, చీటీ రాలిపోయి దారొక్కటే మిగిలింది.

ఇప్పుడు హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వేసి, ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు దాకా లెక్కగట్టి టోలు తీసుకుంటున్నారు. అంటే బాహ్య వలయ రహదారి అన్న పేరులో చివరి మాట మళ్లీ తన పాత ఉద్యోగంలో చేరింది. పేరు పెట్టినవాళ్లకు ఇది తెలిసి ఉండదు.

*

నాగ్‌పూర్ నుంచి ఒక చెల్లెలు:

మాస్టారూ, దిడ్డి అనగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. మరాఠీలో కోట తలుపులో ఉండే చిన్న తలుపును దిండీ దర్వాజా అంటారు! నేను ఇన్నాళ్లూ పండరిపురం వెళ్లే దిండీలు, అంటే భజన చేస్తూ నడిచే యాత్రికుల గుంపులు, దూరే తలుపు కాబోలు అనుకున్నాను. తమిళంలో తిట్టివాసల్ అని ఉందని నా స్నేహితురాలు చెప్పింది, కన్నడంలో కూడా దిడ్డే. అంటే ఖిడ్కీని తెలుగులోకి మార్చనక్కర్లేదు, మరాఠీవాళ్లకీ మనకీ ఉమ్మడి మాట ఒకటి ఉండనే ఉంది.

ఇంకో జంట కూడా చూడండి. ఇక్కడ బైపాస్‌ను మరాఠీ పేపర్లు బాహ్యవళణ రస్తా అని రాస్తాయి. మా అత్తగారు ఆదిలాబాదు ఆవిడ. ఆ బోర్డు ఎవరో చదివితే విని "బాహ్య వలయమేగా, మన మాటే" అన్నారు. కాదత్తయ్యా, వళణ్ అంటే మలుపు అని చెప్పాను. తర్వాత ఆలోచిస్తే ఇద్దరం ఒప్పే. వలయం, వళణ్ రెండూ సంస్కృతంలో తిరగడం, వంగడం అనే ఒకే ధాతువు పిల్లలు. మనం గాజుతో పోల్చి గుండ్రంగా మూసేశాం, మరాఠీ మలుపు దగ్గర ఆగింది. పైగా మరాఠీలో పిల్లలకు పద్ధతి నేర్పడాన్ని కూడా వళణ్ లావణే అంటారు. ట్రాఫిక్‌కు పద్ధతి నేర్పే రోడ్డు అనుకుంటే బైపాస్‌కు అంతకన్నా మంచి పేరు లేదు. నేర్చుకుంటుందా లేదా అన్నది వేరే సంగతి.

*

తంజావూరులో ఉద్యోగం చేస్తున్న ఒక సభ్యుడు:

అన్నా, మీ చుక్కల చోటుకు నా దగ్గర మాట ఉంది. అలంగం.

నేనిక్కడికి వచ్చిన కొత్తలో ఇల్లు వెతుకుతుంటే మేల అలంగం, కీళ అలంగం, వడక్కు అలంగం అని వీధుల పేర్లు. మేల అంటే పడమటి, కీళ అంటే తూర్పు, వడక్కు అంటే ఉత్తరం. అలంగం అంటే ఏమిటని అడిగితే ఇంటి యజమాని "కోట గోడ పక్క వీధి" అన్నాడు. తెలుగు నిఘంటువు తీస్తే అందులోనూ ఉంది: అలంగము, కోట బురుజు, కోట గోడ అని. ఇక్కడి కోట తెలుగు నాయకరాజులు కట్టింది, తర్వాత మరాఠా రాజులు ఏలింది. మీ సంచికకు ఇంతకన్నా తగిన ఊరు దొరకదు.

*

అలంగం చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను, కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకోండి.

ఫ్రెంచివాళ్ల బుల్వార్ అన్న మాట ఉంది కదా, చెట్ల నీడలో వెడల్పాటి వీధి అని మనం సినిమాల్లో చూసేది. ఆ మాట డచ్చి వాళ్ల బోల్‌వెర్క్ నుంచి వచ్చింది. బోల్‌వెర్క్ అంటే బురుజు! 1670లో పద్నాలుగో లూయీ పారిస్ గోడలు ఇక అక్కర్లేదని పడగొట్టించాడు. ఆ జాగాలో చెట్లు నాటి నడకదారులు వేశారు. గోడ పోయినా పేరు వీధికి అంటుకుపోయింది. వియన్నాలోనూ ఇదే కథ. 1857 డిసెంబరులో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ కోట గోడలు తీసేయమన్నాడు, 1865 మే 1న అక్కడే రింగ్‌స్ట్రాస్ అన్న గుండ్రటి వీధి తెరిచారు. మనం ఈరోజు రింగు రోడ్డు అంటున్న ఊహకు ఆ వీధే పెద్దమ్మ. బీజింగులోనయితే మింగ్ రాజుల గోడను కూల్చిన జాగాలోనే చాలామేర రెండో రింగు రోడ్డు నడుస్తోంది.

అంటే గోడ, దాని పక్క దారి, గోడ పోయాక వీధి: ఈ మూడు మెట్లూ బుల్వార్ ఎక్కినట్టే మన అలంగమూ తంజావూరులో ఎక్కేసింది. కాకపోతే వాళ్ల మాట ప్రపంచమంతా తిరిగింది, మనది తమిళ ఊళ్లో అద్దె ఇంటి చిరునామాగా మిగిలింది.

ఇంతలో కలకత్తా గుర్తొచ్చింది. ఇది మన విదర్భ వాళ్లు తప్పక వినాలి. 1742లో నాగ్‌పూర్ భోంస్లే సేన బెంగాలు మీద పడింది. కలకత్తావాళ్లు భయపడి ఊరి చుట్టూ అగడ్త తవ్వడం మొదలుపెట్టారు. మరాఠా డిచ్ అని దాని పేరు. భోంస్లే సేన ఊరిదాకా రానేలేదు, అగడ్త సగంలో ఆగింది. కలకత్తావాళ్లకు డిచర్లని ఎగతాళి పేరు మాత్రం దక్కింది. 1799లో దాన్ని చాలామేర పూడ్చి సర్కులర్ రోడ్డు వేశారు. ఇప్పుడు దానికే జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ గార్ల పేర్లున్నాయి. అంటే కలకత్తా రింగు రోడ్డుకు గీత గీసింది నాగ్‌పూర్ గుర్రాల భయం. ఇంకా విచిత్రం, అగడ్త తవ్విన తొమ్మిదేళ్లకు, 1751లో, అదే భోంస్లేలు చాందాను గోండు రాజుల దగ్గర్నుంచి పుచ్చుకున్నారు. సగం తవ్విన అగడ్త పనే పడకుండా రోడ్డయింది. పూర్తిగా కట్టిన గోడేమో పని పడ్డ రోజున ఆపలేకపోయింది, కానీ ఇప్పటికీ నిలబడి ఉంది.

నిలబడటం వల్ల మాకు వచ్చిన కష్టం కూడా చెప్పాలి. గోడ కూలిన ఊళ్లకు రింగు రోడ్డు దక్కింది. కూలని మా ఊరికి జట్‌పురా గేటు దక్కింది. ఏనుగు అంబారీకి సరిపడా కట్టిన ద్వారంలోంచి ఆటోలు, స్కూటర్లు, పెళ్లి ఊరేగింపులు. సాయంత్రం ఆరింటికి అక్కడ ఇరుక్కుంటే సీసా మూతిలో గోళీలాగే. నేను కూరలు తెచ్చేలోపు తోటకూర వాడిపోయిన రోజులున్నాయి. అయినా పడగొట్టండని ఎవరైనా అంటే మాత్రం నేనే ముందు గొడవకు దిగుతాను.

*

రాజురా మాస్టారు:

పడగొట్టిన ఊరు ఒకటి మనవాళ్లు వేసిందే ఉంది, మదురై. గుడి చుట్టూ ఒకదాని వెనక ఒకటిగా ఆడి, చిత్తిరై, ఆవణిమూల, మాసి అని నెలల పేర్లతో వీధులు. ఆ ఊరికి ఆ రూపం విశ్వనాథ నాయకుడి కాలం నుంచి అని చెబుతారు. అన్నిటికన్నా బయట వెలి వీధులు. 1840ల్లో కలెక్టరు బ్లాక్‌బర్న్ కోట గోడలు తీయించి కందకం పూడ్పిస్తే ఆ జాగాలో వచ్చినవి. తమిళంలో వెళి అంటే బయట. మన వెలి అదే. ఔటర్ రింగు రోడ్డుకు వెలి బాట అందాం అని నాకు ఎప్పట్నుంచో ఆశ.

*

బల్లార్‌పూర్ కాగితం మిల్లు కాలనీ నుంచి ఒకరు:

మాస్టారూ, మీమీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ మాట వద్దు. తమిళంలో వెళి వట్టి బయటే కావచ్చు. తెలుగులో వెలి అంటే వెలివాడ, వెలివేయడం. మా తాత ఊళ్లో మా ఇల్లు ఎటు ఉండేదో ఆ ఒక్క మాట చెప్పేస్తుంది. గోడ అన్నాక లోపలివాళ్లు, బయటివాళ్లు ఉంటారు. అయిదు దిడ్లలో ఒకటి మసాన్ ఖిడ్కీ ఎందుకయింది? శవాన్ని పెద్ద ద్వారంలోంచి తీసుకుపోరు కాబట్టి. ఇరై పొంగినప్పుడు మునిగేది కూడా గోడ బయట నది ఒడ్డున ఉన్న కాలనీలే. రింగు రోడ్డును రింగు రోడ్డనే అనండి. ఉకారం చేర్చుకున్నాం, రింగు రోడ్డుకు, రింగు రోడ్డులో అని విభక్తులు పెట్టుకున్నాం, ఇంకేం కావాలి? అది తెలుగే.

*

రాజురా మాస్టారు:

ఒప్పుకున్నాను తమ్ముడూ. నిఘంటువులో అర్థం చూశాను గానీ ఊళ్లో అర్థం చూడలేదు. వెనక్కి తీసుకుంటున్నాను.

*

నాగ్‌పూర్ చెల్లెలు:

అన్నయ్యా, ఒక్క సందేహం. చోర్ ఖిడ్కీని దొంగ దిడ్డి అంటారా, దొడ్డిదారి అంటారా?

*

దొంగ దిడ్డి అనే రాస్తానమ్మా. దొడ్డి వేరు, దిడ్డి వేరు. దొడ్డి పశువులను కట్టే చోటు, లేదంటే ఇంటి వెనక పెరడు. పెరట్లోంచి చాటుగా వచ్చేవాడిది దొడ్డిదారి. దిడ్డి దర్వాజ కూడా ఇంటి వెనకే ఉంటుంది కనుక రెండూ కలిసిపోతుంటాయి, మా ఇంట్లోనే ఒక్కొక్కరం ఒక్కోలా అంటాం.

కాలనీ తమ్ముడు చెప్పింది నాకూ నచ్చింది. లారీలు తిరిగే రోడ్డుకు రింగు రోడ్డు, గోడ మీద నడిచేదానికి అలంగం. కొత్త మాట అయితే పుట్టించనక్కర్లేదు, ఉన్న మాటను కాస్త జరిపి వాడుతున్నాం, తంజావూరువాళ్లు జరిపినట్టే. మొదటిసారి వచ్చిన చోట "కోట గోడ మీది దారి, అలంగం" అని రెండూ రాస్తాను, ఎవరూ తల పట్టుకోకుండా.

పేజీలో ఇంకో పేరా ఖాయం. గోడ గీత ఎవరు గీశారన్నది. ఖాండ్‌క్యా బల్లాళ్ షా బల్లార్‌పూర్ నుంచి వేటకు వచ్చాడట. నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలు ఒకటి ఆయన కుక్కను తరుముతూ గుండ్రంగా తిరిగిందట. ఇంటికెళ్లి రాణికి చెబితే, ఆ కుందేలు జాడ వెంబడే గోడ కట్టమందట. విద్యారణ్యుల వారి హంపీ కథలోనూ కుందేలు వేటకుక్కల మీద తిరగబడుతుంది, కనుక ఇది ఎవరి కుందేలో నేను తేల్చలేను. కానీ మా గోడ కొన్నిచోట్ల ఎందుకలా వంకరగా పోతుందో కథ విన్నాక అర్థమవుతుంది. టేపు పట్టుకున్నవాడు అలా గీయడు.

*

తంజావూరు సభ్యుడు:

అన్నా, అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి చూసుకోండి. మీ వాట్సాప్ అలంగాన్ని రెండుసార్లు అలంకారం అని దిద్దింది.