విప్ దాటితే పదవి పోవాలా? ఫిరాయింపుల చట్టంపై చర్చ

కృష్ణాతీరం:
గెలిచాక పార్టీ మారిన సభ్యుడి పదవి తీసేసే ఫిరాయింపుల నిరోధక చట్టాన్ని ఎత్తేయాలన్నది నా వాదన. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. ‘ఆయారాం గయారాం’ అనే మాట అక్కడే పుట్టింది. ఆ జబ్బు కుదర్చడానికి 1985లో 52వ సవరణతో ఈ చట్టాన్ని రాజ్యాంగంలో పదో షెడ్యూల్‌గా చేర్చారు. కుదిరిందా? 2014-19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్లారు. వాళ్లలో నలుగురు 2017లో మంత్రులు కూడా అయ్యారు. ఒక్కరి మీదా వేటు పడలేదు. తెలంగాణలో 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. మూడింట రెండొంతుల మంది కలిసి వెళ్తే అది ఫిరాయింపు కిందకే రాదు మరి. ఒక్కడు పోతే తప్పు, గుంపుగా పోతే ఒప్పు! అదే ఒక సభ్యుడు తన పార్టీలోనే ఉండి, ఈ బిల్లు మా రైతులకు చెరుపు చేస్తుందని విప్‌ను, అంటే ఇటే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశాన్ని, కాదని ఓటేస్తే మాత్రం పదవి ఊడుతుంది. అమ్ముడుపోయేవాడిని వదిలేసి, ఆలోచించేవాడిని పట్టుకునే చట్టం ఎవరికి కావాలి?

మూసీ ఒడ్డు:
తీరం గారూ, దొంగతనాలు ఆగడం లేదని తలుపుకున్న తాళం పీకేస్తామా? మన దగ్గర ఓటరు చూసేది గుర్తును, నాయకుణ్ణి. అభ్యర్థి పేరు చాలామందికి పోలింగ్ రోజున కూడా గుర్తుండదు. బీఆర్‌ఎస్ గుర్తు మీద ఖైరతాబాద్‌లో గెలిచిన దానం నాగేందర్, ఆ పదవిలో ఉండగానే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు. చట్టం ఉండగానే ఇలా ఉంటే, లేకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అసలు లోపం తీర్పరిలో ఉంది. వేటు వెయ్యాలో వద్దో తేల్చేది స్పీకర్, ఆయనేమో అధికార పార్టీ మనిషి. 2024 ఫిబ్రవరిలో హిమాచల్‌లో ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు రాజ్యసభ ఎన్నికలో క్రాస్ ఓటింగ్ చేసి, బడ్జెట్ ఓటింగ్‌కు విప్ కాదని గైర్హాజరైతే, స్పీకర్ మర్నాడే అనర్హత వేటు వేశారు. మన రాష్ట్రాల్లో అవే పిటిషన్లు ఏళ్ల తరబడి నానుతాయి. చట్టం ఒక్కటే. ఫిరాయింపు వల్ల స్పీకర్ పార్టీకి లాభమా, నష్టమా అన్నదాన్ని బట్టి వేగం మారిపోతోంది. 1992లో ఈ చట్టం చెల్లుతుందా అని సుప్రీంకోర్టు తేల్చిన కిహోటో హోలోహాన్ కేసులో అయిదుగురు జడ్జీల్లో ఇద్దరు సరిగ్గా ఈ భయమే వెలిబుచ్చారు, కానీ మెజారిటీ ముగ్గురిది. 2025 జులై 31న పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేల ఫిరాయింపు కేసులో, నిర్ణయం తేల్చమని సుప్రీంకోర్టు స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టింది. ఈ పద్ధతి సరిపోతోందో లేదో పార్లమెంటే ఆలోచించాలని కూడా చెప్పింది. ఆ అధికారం ట్రిబ్యునల్‌కు ఇచ్చేస్తే సగం రోగం కుదురుతుంది.

పల్నాటి మాస్టారు:
ఆ సగం సరే, తక్కువది కాదు. కానీ తీరం గారు చెప్పిన రెండో సంగతిని, పార్టీలోనే ఉండి బిల్లుకు ఎదురు ఓటేసేవాడి గతిని, మీరు ముట్టుకోలేదు. నాకు అదే ముఖ్యం.

2019 జనవరి 15న బ్రిటన్ పార్లమెంటులో బ్రెగ్జిట్ ఒప్పందం, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చే ఒప్పందం, 432-202 తేడాతో ఓడిపోయింది. ప్రధాని థెరిసా మే సొంత పార్టీ ఎంపీలే 118 మంది వ్యతిరేకంగా ఓటేశారు. మర్నాడు అవిశ్వాస తీర్మానం పెడితే అదే ప్రభుత్వం 325-306తో నిలబడింది. ఒప్పందం వద్దు, ప్రభుత్వం కావాలి: ఈ రెండు మాటలూ ఒకే సభ్యుడు రెండు రోజుల్లో చెప్పగలిగాడు. ఎవరి సీటూ పోలేదు. మన ఎంపీకి ఆ వీలేదీ? విప్‌కు ఎదురు ఓటేసినా, చెప్పకుండా గైర్హాజరైనా, పార్టీ పదిహేను రోజుల్లో మన్నించకపోతే అనర్హతే.

ప్రతినిధి మనకు తన కష్టంతోపాటు తన వివేకాన్ని కూడా బాకీ ఉంటాడని 1774లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఓటర్లకు వాళ్ల ఎంపీ ఎడ్మండ్ బర్క్ చెప్పాడు. ఆ ఓటర్లకు ఆయన తర్వాత నచ్చలేదు, అది వేరే సంగతి. మన సభ్యుడి వివేకాన్ని మాత్రం చట్టం పెట్టి మరీ పార్టీ ఆఫీసులో తాకట్టు పెట్టించాం.

1990లోనే ఎన్నికల సంస్కరణలపై వేసిన దినేశ్ గోస్వామి కమిటీ దారి చూపింది: విశ్వాస, అవిశ్వాస తీర్మానాలు, ద్రవ్య బిల్లుల వంటి ప్రభుత్వ మనుగడ తేల్చే ఓట్లకే అనర్హత ఉండాలి. మిగతా బిల్లుల మీద సభ్యుడు స్వేచ్ఛగా ఓటెయ్యాలి. చట్టం ఉంచండి, విప్‌ను కుదించండి.

మూసీ ఒడ్డు:
మాస్టారూ, అప్పుడు బిల్లుకింత అని రేటు కడతారు. గని లీజుల బిల్లు వచ్చిందనుకోండి, కంపెనీవాళ్లు పది మంది సభ్యులను కొంటే చాలు. ఇప్పుడు కనీసం పార్టీ మొత్తాన్ని ఒప్పించాలి.

పల్నాటి మాస్టారు:
ఇప్పుడు పార్టీ అధినేత ఒక్కణ్ణి ఒప్పిస్తే చాలు కదండీ! మిగతా వందమందినీ విప్ లాక్కొస్తుంది. మీ భయం నిజమైనదే, కాదనను. దానికి మందు ఓటును బయటపెట్టడం. 2014 జనవరి 30న విభజన బిల్లును మన అసెంబ్లీ తిప్పిపంపింది. తెలుగువాళ్ల భవిష్యత్తు తేలే రోజున కూడా మూజువాణి ఓటే, అవును, కాదు అని నోటితో అరవడమే! మా ఎమ్మెల్యే ఎటు ఓటేశాడో రికార్డులో ఉండదు. విప్ కుదించే సవరణలోనే ఇంకో మాట కూడా రాయాలి: ప్రతి బిల్లుకూ డివిజన్, అంటే ఒక్కొక్కరి ఓటూ లెక్కపెట్టడం, జరగాలి, ఎవరు ఎటు ఓటేశారో ఆ సాయంత్రమే పేర్లతో సహా సభ వెబ్‌సైట్‌లో పెట్టాలి. తీరం గారూ, ఈ రెండూ చేస్తే చట్టం ఎత్తేయమని ఇంకా అంటారా?

కృష్ణాతీరం:
విలీనం మినహాయింపు కూడా తీసేస్తే అనను. అది ఉన్నంతకాలం మాత్రం నా మాట మారదు.