పైడిభీమవరం షిఫ్టు బస్సు: లోటు ఏ పద్దులోంచి పూడ్చాలి? (చర్చ)

నాగావళి గట్టు
విశాఖ ఎకనమిక్ రీజియన్‌లో మన రెండు జిల్లాల (శ్రీకాకుళం, విజయనగరం) పేర్లూ ఉన్నాయి. పని మాత్రం హైవే పొడుగునా ఉంది: పైడిభీమవరం ఫార్మా యూనిట్లు, భోగాపురం ఎయిర్‌పోర్టు, ఆపైన విశాఖ. పని చేసే మనిషేమో లావేరు, పొందూరు, చీపురుపల్లి ఊళ్లలో ఉన్నాడు. విశాఖ మెట్రో గురించి ఇక్కడ చాలానే మాట్లాడుకున్నాం కాబట్టి ఈసారి చిన్న ప్రశ్న. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి పైడిభీమవరానికి మూడు షిఫ్టులకూ అందే ఒక్క బస్సు నడపాలంటే ఎంతవుతుంది? టికెట్లు పోగా మిగిలే లోటు ఎవరిస్తారు? "గవర్నమెంటు చూసుకోవాలి" అన్న జవాబు వద్దు, అంకెలు రాయండి.

డిపో చార్టు
ముందు చార్టు వేద్దాం మాస్టారూ. షిఫ్టు మారేది ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. ఒక్కో మార్పుకి బస్సు లోపలికెళ్లే షిఫ్టుని దించి, బయటికొచ్చే షిఫ్టుని ఎక్కించుకుని వస్తుంది. అంటే రోజుకి 6 సింగిల్స్ (ఒకవైపు ట్రిప్పులు). దూరం 35 కి.మీ. అనుకుంటే 210 కి.మీ.

డీజిల్ లీటరుకి 5 కి.మీ. ఇస్తే, లీటరు 97 రూపాయల లెక్కన కిలోమీటరుకి 19.40. డ్రైవరు, కండక్టరు, టైర్లు, స్పేర్లు, బస్సు అరుగుదల, డిపో ఖర్చు కలిపి కిలోమీటరు ఖర్చు, అంటే సీపీకే, 60 అని పెట్టుకోండి. రోజుకి 12,600.

ఆదాయం వైపు: నెల పాసు లెక్కన మనిషికి ఒక ట్రిప్పు 40 రూపాయలు పడిందనుకుందాం. ట్రిప్పుకి 45 మంది ఎక్కితే రోజుకి 10,800, లోటు 1,800. నెలకి 26 రోజులేసుకుంటే 46,800. అదే 33 మంది ఎక్కితే ఆదాయం 7,920కి పడిపోయి రోజు లోటు 4,680, నెలకి 1,21,680. పన్నెండు మంది తగ్గితే లోటు రెండున్నర రెట్లు దాటింది. ఏ బస్సు లెక్కయినా చివరికి ఇక్కడే తేలుతుంది.

ఆ పన్నెండు మంది ఎందుకు తగ్గుతారంటే, టైమింగు. 2 గంటలకి షిఫ్టు దిగినవాడు పంచ్ కొట్టి, బట్టలు మార్చుకుని, గేటు చెకింగ్ దాటి రోడ్డెక్కేసరికి 2:20. బస్సు 2:05కే కదిలితే ఖాళీగా వెళ్తుంది, వెనకే షేర్ ఆటో నింపుకుపోతుంది. కాబట్టి రావడం 1:40కి, కదలడం 2:25కి. ఆ 45 నిమిషాలు బస్సు నిలబడే ఉండాలి, చార్టులో అది రాసి ఉండాలి. లేకపోతే పై డిపో నుంచి "ఖాళీగా ఎందుకు నిలబెట్టారు" అని అడుగుతారు.

క్రూ (డ్రైవరు, కండక్టరు జట్టు) సంగతి: మోటారు ట్రాన్స్‌పోర్టు వర్కర్ల చట్టం, 1961 (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది) పెట్టిన పరిమితి రోజుకి 8 గంటలు, స్ప్రెడ్ ఓవర్, అంటే డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా మొత్తం, 12 గంటలు. తెల్లారి 4:30కి డ్యూటీ ఎక్కిన జట్టు 6 గంటల మార్పు, 2 గంటల మార్పు చేసి 3:30కి దిగిపోవచ్చు. రాత్రి 10 మార్పుకి వేరే జట్టు కావాలి. ఆ ఒక్క మార్పుకే జట్టంటే దండగ, అందుకని సాయంత్రం ఊరి ట్రిప్పులు కలపాలి. పొద్దున్న 8 నుంచి 12 వరకు బస్సు ఖాళీ కదా, ఎచ్చెర్ల యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ పిల్లలకి వేరే జట్టుతో తిప్పితే 210 కాస్తా 280 అవుతుంది, స్థిర ఖర్చు పలచబడుతుంది.

కోట జంక్షన్
చక్కగా విప్పారు. ఒకటి కలుపుతాను. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. దాంతో "జీతాలు ఎలాగూ ఖజానా ఇస్తోంది, బస్సు వేస్తే పోయేదేముంది" అనేవాళ్లు పెరిగారు. పోయేది ఉంది. కొత్త షెడ్యూలుకి డ్రైవరు పోస్టు కావాలి. పోస్టు లేకపోతే పల్లెవెలుగు ఏదో ఒకటి ఆపి ఆ జట్టునే ఇటు పంపుతారు. లోటు మాయమవదు, మారుమూల ఊరికి బదిలీ అవుతుంది.

నాగావళి గట్టు
స్త్రీ శక్తి (ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం) వచ్చాక ఆ 45 మందిలో ఆడవాళ్ల సంగతేంటి? టికెట్ డబ్బు రాదుగా?

డిపో చార్టు
2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్‌లలో ఉచితం. నాన్‌స్టాపులకీ, పర్లాకిమిడి వైపు వెళ్లే అంతర్రాష్ట్ర బస్సులకీ వర్తించదు. డబ్బు రాదని కాదు, ప్రయాణికురాలి నుంచి కాకుండా ప్రభుత్వం నుంచి రావాలి. దానికి ఆధారం కండక్టరు టికెట్లు కొట్టే టిమ్ మిషన్‌లోంచి వచ్చే జీరో టికెట్టే. రష్‌లో కండక్టరు "అమ్మా, ఎక్కేయండి" అని టికెట్ కొట్టకుండా వదిలేస్తే ఆ ప్రయాణం లెక్కలోనే లేదు. బస్సు కిక్కిరిసి ఉంటుంది, కాగితం మీద ఓఆర్ (నిండిన సీట్ల శాతం) 50 చూపిస్తుంది, ఆర్నెల్లకి సర్వీసు ఎత్తేస్తారు. ఆడవాళ్లు కూడా జీరో టికెట్ అడిగి తీసుకోవాలి.

రణస్థలం హెచ్‌ఆర్
కంపెనీల వైపు నుంచి మూడు మాటలు.

సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) డబ్బుతో బస్సు వేయండి అని ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు అంటారు. కుదరదు. సొంత ఉద్యోగులకి మాత్రమే ఉపయోగపడే ఖర్చు సీఎస్‌ఆర్ కిందికి రాదని రూల్స్‌లోనే ఉంది. అది మామూలు వ్యాపార ఖర్చుగా రాసుకోవాల్సిందే. అందులో ఒక వెసులుబాటు ఉంది: డ్రైవరుతో కలిపి 13 సీట్లు దాటిన బండి అద్దెకి జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్నుని తిరిగి సర్దుకోవడం) జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) అడ్డుకోదు. చిన్న వ్యాన్లకి మామూలుగా ఆ సౌకర్యం లేదు.

రెండోది, ఇప్పుడు నడిచే కంపెనీ బస్సులు కాంట్రాక్టు క్యారేజీ (బండి మొత్తం ఒకరికే అద్దెకిచ్చే) పర్మిట్ మీద ఉంటాయి. దారిలో చెయ్యెత్తిన మనిషిని ఎక్కించుకుని విడిగా చార్జీ తీసుకుంటే పర్మిట్ ఉల్లంఘన. అందుకే ఒకే గేటు ముందుకి మూడు కంపెనీల బస్సులు సగం సగం సీట్లతో వస్తాయి, చిలకపాలెంలో జనం ఆటో కోసం నిలబడే ఉంటారు.

మూడోది, రాత్రి షిఫ్టులో ఆడవాళ్లని పెట్టుకుంటే రవాణా, భద్రత యాజమాన్యం బాధ్యత. రాత్రి 10 మార్పుకి ఆర్టీసీ బస్సు ఉందని చేతులు దులుపుకోలేం. ఆ ఒక్క మార్పునీ చార్టులోంచి తీసేసి, 6, 2 మార్పులతో మొదలుపెట్టమనే నా సలహా.

కోట జంక్షన్
ఇప్పుడు పద్దులు.

ఈ-బస్సులు: 2023 ఆగస్టులో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవలో 10,000 బస్సులు, కేంద్రం వాటా 20,000 కోట్లు. ఇందులో నాకు నచ్చింది బస్సు కొనడానికి కాక నడపడానికి డబ్బివ్వడం: 12 మీటర్ల బస్సుకి కిలోమీటరుకి 24 రూపాయలు. కానీ మన లాంటి రాష్ట్రాల్లో 2011 జనాభా లెక్కల్లో 3 లక్షలు దాటిన ఊళ్లకే. విజయనగరం దాటలేదు, శ్రీకాకుళం దరిదాపుల్లో లేదు. విశాఖకి వచ్చిన బస్సులు మన జిల్లాలోకి తిరగాలంటే విశాఖనీ మన జిల్లానీ ఒకే ప్రాంతంగా చూసే రవాణా అథారిటీ ఉండాలి. 2017 మెట్రో పాలసీ అలాంటి అథారిటీని తప్పనిసరి చేసింది, స్టేషన్‌కి 5 కి.మీ. చుట్టూ ఫీడర్ (స్టేషన్ దాకా చేర్చే బస్సుల) ఏర్పాటు చూపించమంది. దాన్ని పట్టుకుని అడగాలి.

భూమి: భోగాపురం చుట్టూ ధరలు పెరిగాయి కాబట్టి ఆ పెరుగుదలలో కొంత రవాణాకి తీసుకోవడం న్యాయమే. మహారాష్ట్ర ముంబై, పుణె, నాగ్‌పూర్‌లలో స్టాంపు డ్యూటీకి అదనంగా ఆస్తి విలువ మీద 1 శాతం మెట్రో సెస్ వేస్తోంది. మన దగ్గర స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ 1, మొత్తం 7.5 శాతం ఇప్పటికే ఉంది. ఇంకో శాతం కలిపితే డాక్యుమెంటు విలువ తగ్గించి రాయడం, అగ్రిమెంటు మీదే చేతులు మారడం పెరుగుతాయి. కొత్త సెస్ కన్నా, ఆ మండలాల్లో ఒక ఆధార సంవత్సరం మీద అదనంగా వచ్చిన రాబడిలో కొంత పక్కన పెట్టడం మేలు.

జీతాల మీద పన్ను: పారిస్ ప్రాంతంలో 1971 నుంచి యజమానులు జీతాల బిల్లు మీద రవాణా పన్ను కడుతున్నారు. ఇప్పుడు 11 మంది, ఆపైన ఉన్న సంస్థలకి వర్తిస్తుంది, నగరంలో రేటు 3.2 శాతం. ఇక్కడ చూస్తే, ఉద్యోగాల మీద రాష్ట్రం వేసే వృత్తి పన్నుకి రాజ్యాంగం 276వ అధికరణం మనిషికి ఏడాదికి 2,500 పరిమితి పెట్టింది. నెలకి 20,000 దాటినవాళ్లు ఇప్పటికే నెలకి 200, అంటే 2,400 కడుతున్నారు. మిగిలింది వంద. ఆ దారి మూసుకున్నట్టే.

ఆమదాలవలస లోకల్
రైలు మాట ఎవరూ ఎత్తలేదేం? విజయనగరం నుంచి విశాఖ 61 కి.మీ. నెలవారీ సీజన్ టికెట్ 150 కి.మీ. దాకా ఇస్తారు, అంటే శ్రీకాకుళం రోడ్డు నుంచి కూడా సరిపోతుంది. దీనికన్నా చవక ఇంకోటి లేదు.

డిపో చార్టు
విశాఖ వెళ్లేవాళ్లకి నిజమే. పైడిభీమవరానికి పనికిరాదు. రైలు గరివిడి, చీపురుపల్లి, పొందూరు మీదుగా పోతుంది, ఫ్యాక్టరీలు హైవే మీద. పైగా శ్రీకాకుళం స్టేషనంటే ఆమదాలవలసే, ఊళ్లోంచి అక్కడికి మళ్లీ బస్సు. కొత్త మెము (కరెంటు లోకల్ రైలు) అడిగితే రైల్వే "రాష్ట్రం వాటా ఎంత" అంటుంది. హైదరాబాద్ ఎంఎంటీఎస్ రెండో దశలో మూడింట రెండొంతులు రాష్ట్రానిదే.

నాగావళి గట్టు
మెట్రో ఎత్తనన్నాను గానీ ఒక్క లెక్క. విశాఖ మొదటి దశ 46.23 కి.మీ., 11,498 కోట్లు. కిలోమీటరుకి దాదాపు 249 కోట్లు. 8 శాతం వడ్డీ అనుకుంటే ఒక్క కిలోమీటరు మీద ఏడాదికి సుమారు 20 కోట్లు. పైన వేసిన ఎక్కువ లోటు చూసినా బస్సుకి ఏడాదికి 14.6 లక్షలు. 130కి పైగా బస్సుల లోటు అందులో సరిపోతుంది.

కోట జంక్షన్
లెక్క తప్పు కాదు, పోలికే కుదరదు. మెట్రోకి అప్పిచ్చే బ్యాంకులున్నాయి, ఎందుకంటే చివరికి ఆస్తి మిగులుతుంది. బస్సు రోజువారీ లోటుకి ఏ బ్యాంకూ అప్పివ్వదు. అందుకే లోటు పంచుకునే ఒప్పందం కావాలి. పైడిభీమవరం ఎస్టేటులోని కంపెనీలు కలిసి కిలోమీటరుకి 60 రూపాయల ఆదాయానికి హామీ ఇవ్వాలి, అందులో తగ్గినంతే కట్టాలి, మూడు నెలల మొత్తం ముందే డిపాజిట్. ఒప్పందంలో ఒక వాక్యం మరవొద్దు: జీరో టికెట్ల విలువ కూడా ఆదాయంగానే లెక్కించాలి. అది లేకపోతే ఒకే సీటుకి కంపెనీ ఒకసారి, ప్రభుత్వం ఒకసారి కడతాయి.

రణస్థలం హెచ్‌ఆర్
ఆ వాక్యం ఉంటే మా వైపు ఫైనాన్స్ వాళ్లని ఒప్పించవచ్చు. డిపోకి ఏం కాగితాలివ్వాలి?

డిపో చార్టు
డిపో మేనేజరు పేరున ఉమ్మడి లెటరు, కంపెనీల సంతకాలతో. దాంతో పాటు స్టాపు వారీగా, షిఫ్టు వారీగా మనుషుల పట్టిక: కాంప్లెక్స్, ఎచ్చెర్ల, చిలకపాలెం, సుభద్రాపురం జంక్షన్, రణస్థలం. వారాంతపు సెలవులు ఏ రోజో కూడా రాయండి, ఆదివారం ఖాళీ బస్సు తిప్పే పని తప్పుతుంది. గేటు దగ్గర బస్సు తిరగడానికి జాగా, జట్టుకి మరుగుదొడ్డి చూపించండి. పర్మినెంటు రోల్ ఒక్కటే పంపకండి. లేబర్ కాంట్రాక్టరు మనుషుల లెక్క విడిగా తెప్పించి కలపండి. బస్సు ఎక్కేవాళ్లలో ఎక్కువ వాళ్లే, పర్మినెంటు వాళ్లలో చాలామందికి బైకులున్నాయి.