హెచ్ కొట్టడం వస్తే డ్రైవింగ్ వచ్చినట్టేనా? టెస్టు రోడ్డు మీదే పెట్టాలంటాను

రెండోగేరు:
కారు లైసెన్సు టెస్టులో నిన్న రెండోసారి ఫెయిలయ్యాను. నాకు నలభై మూడేళ్లు, ఉండేది హైదరాబాద్. పదిహేనేళ్లుగా స్కూటీ నడుపుతున్నాను కానీ కారు ఈ ఏడాదే పట్టుకున్నాను. మొదటిసారి హెచ్‌లో, అంటే ట్రాక్ మీద కర్రల మధ్య హెచ్ అక్షరం ఆకారంలో ముందుకీ వెనక్కీ నడిపే చోట, వెనక్కి వస్తుంటే కర్ర తగిలింది. అది నా తప్పే, ఒప్పుకుంటాను. నిన్న హెచ్ బాగానే కొట్టాను. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించేటప్పుడు బండి ఒక అడుగు వెనక్కి జారింది. "ఏడు రోజులయ్యాక మళ్లీ స్లాట్ పెట్టుకోండమ్మా" అన్నారు, అంతే.

అసలు మండింది ఎక్కడంటే, నా తర్వాత వచ్చిన అబ్బాయి హెచ్, 8, ఎత్తు అన్నీ చకచకా చేసి పాసయ్యాడు. గేటు బయట చెరుకురసం బండి దగ్గర మాట కలిస్తే, "ఆంటీ, నేనింకా మెయిన్ రోడ్డు ఎక్కలేదు, గ్రౌండ్‌లోనే నేర్చుకున్నా" అన్నాడు. నేనేమో ఎల్ బోర్డు కట్టుకుని, పక్కన మా ఆయన్ని కూర్చోబెట్టుకుని రెండు నెలలుగా ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ దాకా సాయంత్రం ట్రాఫిక్‌లో నడుపుతున్నాను. అతనికి లైసెన్సు వచ్చింది, నాకు రాలేదు.

ఇంకోసారి పోతే మూడుసార్లు అయినట్టు. అప్పుడు అరవై రోజులు ఆగాలట. ఈలోగా నా ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు) ఆరు నెలల గడువు తీరిపోతుంది, మళ్లీ ఎల్ఎల్ఆర్ తీసుకోవడం నుంచి మొదలు. టెన్షన్‌తో రాత్రి నిద్ర లేదు. చెప్పండి, ఈ టెస్టు ట్రాక్ మీద కాకుండా రోడ్డు మీద పెట్టాలా, వద్దా?

మూడుచక్రాలు:
రోడ్డు మీద పెడితే మన ఊళ్లో ఒక్కడు పాసవడు. టెస్టు పెట్టేవాళ్లతో సహా.

పాతలారీ:
అమ్మా, కోపం తెచ్చుకోకు. నువ్వు ఫెయిలైంది సరైన చోటే. నేను ఆర్టీసీలో ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టినవాణ్ణి, శ్రీశైలం ఘాట్ ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. ఎత్తు మీద ఒక అడుగు జారడం ట్రాక్‌లో ఒక అడుగే. అదే ఫ్లైఓవర్ మీద జామ్‌లో అయితే వెనక ఆటో అద్దం పోతుంది, లేదా రెండు బళ్ల మధ్య స్కూటర్ వాడి మోకాలు నలుగుతుంది. మన దగ్గర వెనక బండి జానెడు ఎడంలో ఆగుతుంది మరి.

ట్రాక్ మీద చేయించేవన్నీ పనికిమాలినవి అనే మాట ఒప్పుకోను. ఇరుకు సందులో ఎదురుగా పాలవ్యాన్ వస్తే వెనక్కి తీయాల్సింది నువ్వే, అప్పుడు హెచ్ విలువ తెలుస్తుంది. కాకపోతే ఒక్కటి నిజం. ట్రాక్ చేతుల్నీ కాళ్లనీ పరీక్షిస్తుంది, కళ్లని పరీక్షించదు. పక్క సందులోంచి బంతి దొర్లుకుంటూ వస్తే దాని వెనక పిల్లవాడు వస్తాడని కర్రలు నేర్పవు.

లెస్టర్‌బాబాయ్:
నా కథ వినండి. తొమ్మిదేళ్లు హైదరాబాద్‌లో కారు నడిపి ఇంగ్లండ్ వచ్చాను. మన లైసెన్సు మీద ఇక్కడ పన్నెండు నెలలు నడపొచ్చు, ఆ తర్వాత వీళ్ల టెస్టు రాయాల్సిందే. థియరీలో 50 ప్రశ్నలకు 43 సరిగ్గా రావాలి. దాంతోపాటే వీడియోలు వేస్తారు. రోడ్డు మీద ప్రమాదం రాబోతోందని ముందే కనిపెట్టి మౌస్ నొక్కాలి, 75 మార్కులకు 44 రావాలి. పైన పాతలారీ గారు చెప్పిన బంతి కథ ఉంది చూశారా, అది ఇక్కడ పరీక్షలో ఒక భాగం.

తర్వాత రోడ్డు టెస్టు, దాదాపు నలభై నిమిషాలు. అందులో సగం సేపు ఎగ్జామినర్ దారి చెప్పడు, నావిగేషన్‌నో బోర్డులనో చూసుకుని మనమే వెళ్లాలి. చిన్న తప్పులు పదిహేను దాకా క్షమిస్తారు, పెద్ద తప్పు ఒక్కటి పడినా ఇంటికే. నేను రెండుసార్లు పోయాను. మొదటిసారి లేన్ మారేటప్పుడు అద్దం చూడలేదని. నేను చూశాననే అనుకున్నాను. "చూసి ఉంటే ఆ సైకిల్ అతను కనిపించేవాడు" అన్నాడాయన. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. తొమ్మిదేళ్లు నేను అద్దం చూడకుండానే నడిపానన్నమాట, హారన్ కొట్టి నెట్టుకొచ్చాను.

కాబట్టి నా ఓటు రోడ్డుకే.

స్లాట్‌నంబర్14:
బాబాయ్, మీ ఎగ్జామినర్ "నువ్వు అద్దం చూడలేదు" అంటే మీరు నమ్మారు. ఇక్కడ ఎవరైనా అలా అంటే, బయట నిలబడ్డ ఏజెంటు వెంటనే వచ్చి "నేను చూస్తాలే సార్" అంటాడు. నేను చెప్పేది అర్థమైందనుకుంటా.

ట్రాక్‌లో ఒక్క సుగుణం ఉంది. కర్ర పడిందా లేదా, బండి జారిందా లేదా, అంతే. కెమెరా పెడితే ఇంకా నయం. అక్కడ అభిప్రాయం అనేదానికి చోటు తక్కువ. రోడ్డు మీద "జాగ్రత్తగా నడపలేదు" అని ఎవర్నైనా ఫెయిల్ చేయొచ్చు, ఎవర్నైనా పాస్ చేయొచ్చు. నేను స్కూల్ లేకుండా, ఏజెంట్ లేకుండా నేరుగా వెళ్లి మొదటిసారే పాసయ్యాను. కట్టింది ప్రభుత్వ ఫీజు మాత్రమే. టెస్టుకు 300, కార్డుకు 200, పైన సర్వీసు చార్జీలు. అది సాధ్యమైంది ట్రాక్ వల్లే అని నా నమ్మకం.

పైగా ఒకే ఇన్‌స్పెక్టర్, పొద్దున్నుంచి వరుసగా బళ్లు. తలా నలభై నిమిషాలు రోడ్డు మీద తిప్పితే స్లాట్ ఆరు నెలలకు దొరుకుతుంది.

లెస్టర్‌బాబాయ్:
ఆ చివరి మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఇక్కడా నెలల తరబడి ఎదురుచూపులే. టెస్టు ఫీజు 62 పౌండ్లు, తేదీ దొరకడమే గగనం.

కోనసీమకుర్రోడు:
మీరంతా సిటీ గొడవ మాట్లాడుతున్నారు. నేను పదహారేళ్లకే ట్రాక్టర్ తోలాను (తప్పే, ఇప్పుడు చెప్పుకోవచ్చు). రోడ్డు మీద పెడితే కళ్లు మూసుకుని పాసవుతాను. నేను పోయింది ఎల్ఎల్ఆర్ పరీక్షలో! నూటికి అరవై రావాలి, నాకు రాలేదు. బోర్డుల బొమ్మలు చూపించి ఇదేంటి అంటారు, అందులో సగం మా రోడ్ల మీద ఎప్పుడూ చూడలేదు. మా ఊరి కాలువగట్టు మీద ఉన్న ఒకే ఒక్క బోర్డు మీద ఎవరో పోస్టర్ అంటించారు, కింద ఏం గుర్తుందో ఎవరికీ తెలీదు.

ఇంకో మాట. టెస్టుకెళ్తే ఒక రోజు కూలి పోతుంది. బండి మనమే తీసుకెళ్లాలి, సొంత కారు లేనోడు అద్దెకి తేవాలి. ఫెయిలైతే మళ్లీ అదే ఖర్చు. ఏజెంటు దగ్గరికి జనం వెళ్లేది డ్రైవింగ్ రాక కాదండీ, రెండోసారి రావడానికి డబ్బుల్లేక.

డ్యూయల్‌కంట్రోల్:
చిన్న డ్రైవింగ్ స్కూల్ నడుపుతాను. తిట్టుకున్నా సరే, నిజం చెప్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది "సార్, డ్రైవింగ్ తర్వాత చూసుకుందాం, ముందు హెచ్ నేర్పండి" అంటారు. మేం గుర్తులు పెట్టి నేర్పుతాం. రెండో కర్ర సైడ్ మిర్రర్ మధ్యలోకి రాగానే స్టీరింగ్ ఎడమకి ఫుల్ కటింగ్, వెనక అద్దంలో గీత కనిపించగానే సరిచేయి. మూడు రోజుల్లో వచ్చేస్తుంది. అదే మనిషికి వేరే కారు ఇచ్చి, వేరే చోట కర్రలు పాతితే చేయలేడు. అద్దం ఎత్తు మారితే గుర్తు మారిపోతుంది కదా. రెండోగేరు మేడం చూసిన అబ్బాయి అలాంటివాడే అయ్యుంటాడు. ఆ అబ్బాయిది తప్పు కాదు, పరీక్షలో ఏం అడిగితే అదే చదువుతారు.

రోడ్డుకో ట్రాక్‌కో ఓటు వేయమంటే నేను మూడోదానికి వేస్తాను, శిక్షణకి. 2021లో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో కారుకి 29 గంటలు, అందులో 21 గంటలు బండి మీద, 8 గంటలు తరగతిలో నేర్చుకుని అక్కడి పరీక్ష పాసైతే ఆర్టీఏ ఆఫీసులో మళ్లీ టెస్టు అక్కర్లేదు. 21 గంటలు రోడ్డూ హైవే రాత్రీ వానా అన్నీ తిప్పితే మనిషికి డ్రైవింగ్ వస్తుంది. నలభై నిమిషాల పరీక్ష కంటే అది మేలు.

స్లాట్‌నంబర్14:
అంటే మీరే నేర్పి, మీరే దిద్దుకుని, మీరే పాస్ చేస్తారు! బాగుందండీ. కాలేజీలో ఇంటర్నల్ మార్కులు ఎలా వేస్తారో మనకి తెలీదా?

డ్యూయల్‌కంట్రోల్:
అనుమానం న్యాయమైనదే. అందుకే కేంద్రానికి సిమ్యులేటర్, ట్రాక్, బయోమెట్రిక్ హాజరు ఉండాలన్నారు. కార్లూ బైకుల వరకు ఎకరం స్థలం, పెద్ద బళ్లకి రెండెకరాలు. నిజానికి నా అడ్డంకి అక్కడే. హైదరాబాద్ చుట్టుపక్కల ఎకరం ఉన్నవాడు ప్లాట్లు వేసి అమ్ముకుంటాడు గానీ డ్రైవింగ్ స్కూల్ పెడతాడా? అన్నట్టు 2024లో జూన్ 1 నుంచి ప్రైవేట్ స్కూళ్లే లైసెన్సు ఇచ్చేస్తాయని వాట్సాప్‌లో తిరిగింది గుర్తుందా? రూల్ ఏమీ మారలేదని కేంద్రమే చెప్పాల్సి వచ్చింది. ఆ వారం నాకు వచ్చిన ఫోన్లు ఇన్నీ అన్నీ కావు.

నిబంధనలపిచ్చి:
అందరూ ట్రాకా రోడ్డా అని కొట్టుకుంటున్నారు, రాసి ఉన్నదేంటో ఎవరూ చూడలేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989. అందులో 15వ నిబంధన డ్రైవింగ్ టెస్టు గురించే. అభ్యర్థి ఏమేం చేసి చూపించాలో జాబితా ఉంది. బండిని వెనక్కి నడుపుతూ కుడికో ఎడమకో ఇరుకు సందులోకి అదుపుతో తిప్పగలగాలి అని ఒకటి. మన హెచ్ అక్కడి నుంచి పుట్టిందే. కానీ అదే జాబితాలో ఎదురొచ్చే బళ్లను తప్పించుకోవడం, ఓవర్‌టేక్ చేయడం, చేయనివ్వడం, సరైన సిగ్నల్ ఇవ్వడం, నడిచేవాళ్లను చూసుకుని నడపడం కూడా ఉన్నాయి. ఖాళీ ట్రాక్ మీద ఎవర్ని ఓవర్‌టేక్ చేస్తారు? కర్రనా?

అంటే రోడ్డు మీద పెట్టాలా అన్నది కొత్త డిమాండ్ కాదు. ఉన్న రూల్‌లోంచి కొలవడానికి సులువైన ముక్క తీసుకుని, మిగతాది వదిలేశాం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందరూ టెస్టు వల్లే పోయారని అనను. రోడ్లున్నాయి, వేగం ఉంది, తాగుడుంది. అయినా బండి తోలేవాడికి మనిషిని చూడటం వచ్చా అని ఎక్కడా అడగకపోవడం నాకు వింతగానే ఉంది.

స్లాట్‌నంబర్14:
రూల్ సంగతి తెలీదు, ఒప్పుకుంటున్నా. అయితే ట్రాక్ ఉంచి, ట్రాక్ పాసైనవాళ్లకి పది నిమిషాలు రోడ్డు, డ్యాష్‌బోర్డు మీద కెమెరా, రికార్డింగ్ దాచి ఉంచడం. ఫెయిలైనవాడు అడిగితే చూపించాలి. దీనికైతే ఓటేస్తా. కెమెరా లేకుండా మాత్రం వద్దు.

మూడుచక్రాలు:
ఆ కెమెరా వారం తర్వాత "రిపేరులో ఉంది" అని బోర్డు.

కోనసీమకుర్రోడు:
😂 ఆ బోర్డు మీద కూడా పోస్టర్ అంటిస్తారు అన్నా.

రెండోగేరు:
ఇంతమంది రాస్తారనుకోలేదు. పాతలారీ బాబాయ్ గారూ, మీ మాట మొదట గుచ్చుకుంది కానీ పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద ప్రయత్నించాను. నాలుగుసార్లకి మూడుసార్లు జారింది. కాబట్టి నన్ను ఫెయిల్ చేయడం సరైనదే. ఆ అబ్బాయిని పాస్ చేయడం సరైనదని మాత్రం ఇప్పటికీ అనను.

ఒక సందేహం. ఎత్తు మీద హ్యాండ్‌బ్రేక్ ముట్టుకోవద్దు, లేటవుతుంది, బ్రేక్ మీంచి కాలు తీసి టక్కున యాక్సిలరేటర్ తొక్కమని మా స్కూల్ మాస్టారు చెప్పారు. అసలు హ్యాండ్‌బ్రేక్ వాడొచ్చా?

నిబంధనలపిచ్చి:
వాడొచ్చు. ఏటవాలు ఎత్తు మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్‌తో గానీ, యాక్సిలరేటరూ కాలి బ్రేకూ వాడి గానీ, వెనక్కి జారకుండా కదిలించాలి. అదే 15వ నిబంధనలో ఉంది.

పాతలారీ:
మీ మాస్టారికి తొందరెక్కువ. ఇలా చెయ్యమ్మా. హ్యాండ్‌బ్రేక్ లాగు. ఫస్ట్ గేర్. కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి క్లచ్ మెల్లగా వదులు. ఒకచోట ఇంజను శబ్దం బరువెక్కుతుంది, బండి ముక్కు కాస్త పైకి లేస్తుంది. కాలు అక్కడే ఆపు. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించు, బండి దానంతటదే ముందుకెళ్తుంది. చూడాల్సింది కర్రల్ని కాదు, ఆ ముక్కుని. సెల్లార్‌లో ఇరవైసార్లు చెయ్యి, వెనక ఎవరూ లేకుండా చూసుకుని.

రెండోగేరు:
ముక్కు లేవడం కనిపించింది బాబాయ్ గారూ! పద్నాలుగుసార్లు చేశాను, జారలేదు. వాచ్‌మన్ మాత్రం పెట్రోలు వాసన అంటున్నాడు. వచ్చే గురువారం పదకొండు గంటలకి స్లాట్ దొరికింది.

డ్యూయల్‌కంట్రోల్:
అది పెట్రోలు కాదు మేడం, క్లచ్ ప్లేటు. ఇవాళ్టికి ఆపేయండి.