సమస్య: చెవిటివానికె ముందుగఁ జెవులు నొచ్చె

సమస్య ఇచ్చినవారు:
ఈసారి సమస్య తేటగీతిలో. నాలుగో పాదం పైన శీర్షికలోనే ఉంది, మిగతా మూడూ మీవి. వస్తువు ఎన్నికల ప్రచారం, దాంతో విసిగిపోయిన ఓటరు. పార్టీల పేర్లు, నాయకుల పేర్లు తేవద్దు. ఎవరిని తిట్టినా పద్యం బాగుందో లేదో మర్చిపోయి పోట్లాటలో పడతాం.

ఈ పాదం ఎలా పుట్టిందో చెబుతాను. నిన్న ఫోన్లో నాలుగు నిమిషాల పాట వింటుంటే మధ్యలో రెండుసార్లు ప్రచార ప్రకటన వచ్చింది. దాటవేసే బటన్ వచ్చేదాకా బొటనవేలు తెర మీదే పెట్టుకుని కాచుకున్నాను. పాట మళ్లీ అందుకునేలోపు ఫోను మోగింది. ఎత్తితే రికార్డు చేసిన గొంతు, ‘నమస్కారం, నేను మీ...’ అంటూ. పెట్టేస్తే ఇంకో నంబరు నుంచి అదే నమస్కారం. ఈ చెవులు లేకపోతే బాగుండు అనుకున్నాను. వెంటనే, లేకపోయినా వదలరేమో అనిపించింది.

కొత్తవాళ్ల కోసం ఒక్కమాట. గణమంటే గురువులు (బరువుగా పలికే అక్షరాలు), లఘువులు (తేలికగా పలికేవి) కలిసిన చిన్న కట్ట; సూర్య, ఇంద్ర అనేవి ఆ కట్టల్లో రెండు రకాలు. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవడం (ఆ కలయికే మైత్రి), నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస నియమం లేదు.

మొదటి పూరణ:

వాడవాడల మైకులు వాగుచుండ
చిన్ని సద్దును పెద్దగాఁ జేయు మిషను
కొత్తగా నేడె తగిలించుకొనినయట్టి
చెవిటివానికె ముందుగఁ జెవులు నొచ్చె.

సమస్య ఇచ్చినవారు:
ధార బాగుంది. ‘చిన్ని’కి ‘చేయు’, ఇ-ఏ మైత్రితో యతి సరిపోయింది. మూడో పాదం చివర ‘అట్టి’ మాత్రం గణం నింపడానికి వచ్చిన చుట్టం. ‘మిషను’ గురించి ఎవరైనా అడిగితే నేను మీ పక్షమే, ఇంట్లో అందరం ఆ మాటే అంటాం కదా.

వినికిడి పరీక్షలు చేసే సభ్యురాలు:
అన్నగారూ, మిషను లేకపోయినా మీ సమస్య అక్షరాలా నిజం. లోపలి చెవి దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి చిన్న శబ్దం అసలు వినబడదు. శబ్దం ఒక స్థాయి దాటిందంటే మాత్రం, ఒక్కసారిగా పెద్దదైపోయి, కొందరికి మనకన్నా ముందే భరించరానిదవుతుంది. ‘కాస్త గట్టిగా చెప్పు’ అన్న మనిషే రెండు క్షణాల తర్వాత ‘ఎందుకలా అరుస్తావ్’ అంటాడు. మా వృత్తిలో దీన్ని రిక్రూట్‌మెంట్ అంటారు. అందుకే మిషను అమర్చేటప్పుడు గరిష్ఠ శబ్దానికి హద్దు పెడతాం. పెట్టకపోతే జరిగేది ఈ పద్యమే.

సమస్య ఇచ్చినవారు:
అసంభవం అనుకుని ఇచ్చిన పాదాన్ని వైద్యం సంభవం చేసేసింది, అమ్మా! ఇక నాకు మిగిలిందేమిటి?

రెండో పూరణ:

గడప తొక్కిన ప్రతివాని గదుమలేక
వినబడదటంచు నటియింప, వీరు చేరి
నోరు చెవిలోనఁ బెట్టగా నొగిలి, దొంగ
చెవిటివానికె ముందుగఁ జెవులు నొచ్చె.

మూడో పూరణ రాసినవారు:
‘దొంగ’ను మూడో పాదం చివర పెట్టి సమస్యకు తాళం తీశారు. ఇంటికొచ్చిన ప్రచారకుల ముందు చెవుడు నటించడం నేనూ చేశాను. వాళ్లు వెళ్లిపోరు, దగ్గరకొచ్చి గొంతు పెంచుతారు. అనుభవిస్తేనే వచ్చే పద్యం ఇది.

అయితే ‘నొగిలి’ అన్నా, ‘నొచ్చె’ అన్నా బాధే. పునరుక్తి. ‘నోరు చెవిలోనఁ బెట్టిరి నొక్కి, దొంగ’ అంటే యతీ నిలుస్తుంది, ‘నొక్కి చెబుతున్నాను’ అనే ఉపన్యాసాల మాటా గుర్తొస్తుంది.

కొత్త సభ్యుడు:
చిన్న సందేహం గురువుగారూ. ‘తొక్కిన ప్రతివాని’లో ‘ప్ర’ ముందున్న ‘న’ గురువు కావాలి కదా? అప్పుడు గణం మారిపోతుంది.

సమస్య ఇచ్చినవారు:
మంచి ప్రశ్న తమ్ముడూ. ఒకే మాటలోనో, సంస్కృత సమాసంలోనో అయితే సంయుక్తాక్షరం ముందున్నది గురువే. ఇక్కడ ‘తొక్కిన’ విడి తెలుగు మాట, దాని తర్వాత ఇంకో మాట మొదలైంది. అలాంటిచోట ‘న’ లఘువుగానే ఉంటుంది. ‘నొగిలి’ మీద వచ్చిన సవరణ నాకూ నచ్చింది.

మూడో పూరణ:

ప్రజల మొరలెన్ని వచ్చినఁ బట్టనట్టి
నేత యూరేగె, తన పాట నిలువకుండ
మోగు బండిపై మైకుల మొదట నిలిచి;
చెవిటివానికె ముందుగఁ జెవులు నొచ్చె.

సమస్య ఇచ్చినవారు:
చెవిటివాడు ఓటరు కాదు, నేత. ఆ మలుపు ఊహించదగ్గదే, చాలామంది అటే వెళ్తారు. కానీ మైకుల ముందు అందరికన్నా మొదట నిలబడ్డాడు కాబట్టి నొప్పీ ముందు ఆయనకే అని ‘ముందుగ’ను సమర్థించిన తీరుకు దండం. ఇప్పటిదాకా ఆ మాటకు సరైన కారణం చూపించింది మీరొక్కరే.

రెండో పూరణ రాసినవారు:
సవరణకు థాంక్స్, తీసుకున్నాను. పద్యం సంగతి పక్కనపెట్టి ఒకటి అడుగుతాను. జనం విసుక్కుంటున్నారని వీళ్లకు తెలియదా? తెలిసీ ఎందుకు ఆపరు?

మూడో పూరణ రాసినవారు:
తెలుసు. 1968లో జాయన్స్ (Zajonc) అనే మనస్తత్వవేత్త, పదేపదే కంటబడిన దాని మీద మనకు తెలియకుండానే ఇష్టం పెరుగుతుందని చూపించాడు. ప్రచారాలు నడిపేవాళ్లకు అది భగవద్వాక్యం. అసలు కిటుకు ఇంకోటి ఉంది. 2006లో అమెరికాలోని టెక్సాస్ గవర్నర్ ఎన్నికల ప్రచారంలో పరిశోధకులు టీవీ ప్రకటనలను ఏ ప్రాంతంలో ఎప్పుడు వేయాలో చీటీలు తీసినట్టు నిర్ణయించి ఫలితం కొలిచారు. ప్రకటన జనాన్ని గట్టిగానే కదిలించింది. కానీ ఆ ప్రభావం కొద్దిరోజుల్లోనే కరిగిపోయింది. కరిగిపోతుంది కాబట్టే మళ్లీ పోస్తారు. ఎదుటివాడు పోస్తున్నాడని ఇంకాస్త పోస్తారు. మన విసుగు వాళ్ల లెక్కలో ఖర్చు కింద రాదు.

కొత్త సభ్యుడు:
భయపడుతూనే నాదీ పెడుతున్నాను.

రింగురింగని ఫోనులు రోజు మోగ
ఓటు మాకని గొంతులు ఒక్కతీరె
దూది చెవులలో గట్టిగా దురుముకొన్న
చెవిటివానికె ముందుగఁ జెవులు నొచ్చె.

సమస్య ఇచ్చినవారు:
శబ్దం వల్ల కాదు, కుక్కిన దూది వల్ల నొప్పి! ఊహ పూర్తిగా నీదే, దాన్ని వదులుకోకు. తప్పులు రెండున్నాయి, చెబుతాను.

మొదటి పాదంలో ‘రిం’కి ‘రో’ కుదరదు, ఇ-ఓలకు మైత్రి లేదు. ‘రేయి మోగ’ అను. యతి సరిపోతుంది, అర్థానికీ బలం వస్తుంది. పగలు మోగితే చిరాకు, రాత్రి మోగితే ఎవరికేమైందోనని టెన్షన్.

రెండో పాదంలో ‘గొంతులు ఒక్క’ అని విడదీశావు. పద్యం మధ్యలో అచ్చు అలా ఒంటరిగా నిలబడకూడదు, సంధి చేయాలి. ‘ఓటు మాకను గొంతుక లొక్కతీరె’ అంటే ‘లొ’లో దాగిన ‘ఒ’ మొదటి ‘ఓ’కి యతి అవుతుంది. పైకి ‘ల’ కనిపిస్తోందని కంగారుపడకు, స్వరయతి అలాగే దాక్కుంటుంది.

కొత్త సభ్యుడు:
‘రేయి’ తట్టనే లేదు గురువుగారూ. నిన్న రాత్రి పదకొండింటికి లేచి మరీ ఎత్తాను.

వినికిడి పరీక్షలు చేసే సభ్యురాలు:
మీ అందరి పద్యాల్లోనూ శబ్దమో దూదో ఉంది. నేను రెండూ లేకుండా ప్రయత్నించాను.

వినని వానికిఁ జేతిలో విడువ కిచ్చు
కాగితమ్ముల నన్నింటిఁ గండ్లజోడు
తీయ కేపూట చదివెను దిక్కులేక;
చెవిటివానికె ముందుగఁ జెవులు నొచ్చె.

సమస్య ఇచ్చినవారు:
కళ్లజోడు కాడలు! అమ్మా, నేను రెండుసార్లు చదివితే గానీ అందలేదు. అందాక నా కళ్లజోడు తీసి చెవుల వెనక తడుముకున్నాను. ‘తీయక’, ‘ఏపూట’ కలిసిన చోట చదివేవాళ్లు కాస్త తడబడతారు, అది తప్ప వంక లేదు. ఈ వారం మొదటి స్థానం దీనికే.

మొదటి పూరణ రాసినవారు:
ఒప్పుకుంటాను గానీ, అక్కా, ‘ముందుగ’ ఎలా కుదిరింది? కరపత్రాలు అందరికీ ఇస్తారు కదా, కళ్లజోడు ఉన్నవాళ్లందరికీ నొప్పి రావాలి.

వినికిడి పరీక్షలు చేసే సభ్యురాలు:
మిగతావాళ్లు మడిచి పారేశారు తమ్ముడూ. చదివింది ఆయనొక్కడే.