పంచ్ అంటే అయిదు దినుసులు ఉండాల్సిందేనా? (డిసెంబరు 31 పార్టీకి కార్డు రాయాలి)

నిమ్మచెట్టు:
న్యూజెర్సీలో మా కాలనీ క్లబ్‌హౌస్‌లో డిసెంబరు 31న పార్టీ ఉంది. పెద్దవాళ్లం నలభై మందిమి. ఈసారి సీసాలు వరసగా పెట్టకుండా పాతకాలపు పంచ్‌లు, అంటే మందులో నిమ్మరసం, చక్కెర లాంటివి కలిపిన పానీయాలు, పెద్ద గిన్నెల్లో పెడదామనుకున్నాం. ఒక గిన్నెలో ఫిలడెల్ఫియా వాళ్ల ఫిష్ హౌస్ పంచ్, ఇంకోదాంట్లో పాలు విరగ్గొట్టి వడకట్టే మిల్క్ పంచ్, మూడోది మందు లేనిది. గిన్నెల ముందు పెట్టడానికి మా ఫ్రెండ్ ఒక కార్డు రాశాడు. "పంచ్ మన 'పంచ' నుంచి పుట్టిన మాట. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, మసాలా, ఈ అయిదూ ఉంటేనే పంచ్" అని.

నాకు రెండో వాక్యంతో పేచీ. ఫిష్ హౌస్ పంచ్‌లో రమ్ము, కోన్యాక్ (ఫ్రెంచి బ్రాందీ), పీచ్ బ్రాందీ, నిమ్మకాయ, చక్కెర, నీళ్లు పడతాయి. లెక్కకి ఆరు, మసాలా అసలే లేదు. 1732లో మొదలైన స్కూల్‌కిల్ ఫిషింగ్ కంపెనీ అనే క్లబ్బు వాళ్ల పంచ్ అది. దాన్ని పంచ్ కాదనగలమా? మిల్క్ పంచ్ సంగతీ అంతే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1763లో స్నేహితుడు జేమ్స్ బౌడిన్‌కి రాసి పంపిన పద్ధతిలో బ్రాందీ, నిమ్మకాయలు, నీళ్లు, చక్కెర, జాజికాయ, వేడి పాలు ఉన్నాయి. అవీ ఆరే. నిమ్మకాయలైతే ఏకంగా 44 కాయల తొక్క! మీరేమంటారు? కార్డు మార్చాలా, అలాగే ఉంచాలా?

కృష్ణలంక:
ఉంచండి. ఇది మనవాళ్లు ఇప్పుడు కల్పించిన కథ కాదు. జాన్ ఫ్రయర్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు 1672 నుంచి 1681 దాకా ఇండియా, పర్షియాల్లో తిరిగాడు. ఆయన పుస్తకం 1698లో అచ్చయింది. హిందుస్తానీలో అయిదు అని అర్థం, అయిదు దినుసులతో చేస్తారు కాబట్టి ఆ పేరు అని అందులో స్పష్టంగా రాశాడు. మూడు వందల ఏళ్ల కిందట ఇక్కడ తిరిగి, కళ్లారా చూసినవాడి మాట కన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి? ఫిలడెల్ఫియా వాళ్లు తర్వాత ఏం కలుపుకున్నా పేరు పుట్టుక మారదు. మన దగ్గర పుట్టినదాన్ని మనది అని చెప్పుకోవడానికి మనమే వెనకాడితే బాధగా ఉంటుందండీ.

పాతకాగితం:
కృష్ణలంక గారూ, ఫ్రయర్ చెప్పింది నిజమే. అయితే ఆయన కంటే ముందువాళ్లని కూడా చూడాలి కదా. 1638లో మాండెల్‌స్లో అనే జర్మన్ సూరత్‌లో ఇంగ్లిష్ వాళ్లతో కూర్చుని తాగిన పానీయాన్ని 'పాలెపుంట్జ్' అని రాసుకున్నాడు. సారాయి, పన్నీరు (గులాబీ నీరు), నిమ్మరసం, చక్కెర, ఇవీ ఆయన చెప్పిన దినుసులు. నాలుగే. ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే 'బూల్‌పోంజ్' అన్నాడు. బౌల్ ఆఫ్ పంచ్ అన్నది వీళ్ల చెవులకి అలా వినబడింది.

ఆ రెండు మాటల్లో అచ్చు చూడండి. ఒకరు 'పుం' అన్నారు, ఇంకొకరు 'పోం' అన్నారు. 'పం' ఎవరూ అనలేదు. ఆ రోజుల్లో ఇంగ్లిష్‌వాళ్లు punch లోని u అక్షరాన్ని ఇప్పటిలా కాక 'ఉ'కి దగ్గరగా పలికేవాళ్లు. 'పాంచ్' విన్నవాడు 'పుంచ్' అని ఎందుకంటాడు? అందుకే పంచన్ అనే పెద్ద పీపా పేరు నావికుల నోట కురచబడి పంచ్ అయిందని ఇంకో వాదం ఉంది. అదీ రుజువైంది కాదు. ఫ్రయర్ నాటికి మాట పుట్టి కనీసం నలభై ఏళ్లు దాటింది. అప్పటికే ఎవరో అల్లిన వివరణని ఆయన విని రాసి ఉండొచ్చు.

కృష్ణలంక:
మాండెల్‌స్లో నీళ్లు లెక్కపెట్టలేదు, అంతే. నీళ్లు కలిపితే అయిదే.

పాతకాగితం:
అయి ఉండొచ్చు. కానీ ఆయన రాయనిదాన్ని మనం కలిపి అయిదు చేస్తే, కావలసిన జవాబు కోసం లెక్క దిద్దుకున్నట్టు అవుతుంది. కార్డు మీద అది వద్దు. నిఖార్సైన మాట ఒకటి ఉంది, అది రాయండి. ఇంతవరకూ దొరికిన వాటిలో ఈ పానీయానికి పంచ్ అనే పేరు మొదట కనిపించేది 1632 సెప్టెంబరు 28 నాటి ఉత్తరంలో. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న రాబర్ట్ ఆడమ్స్ రాశాడు. ఎవరికి రాశాడంటే, పేటపోలిలో ఉన్న థామస్ కోలీకి. పేటపోలి అంటే మన నిజాంపట్నం.

రేపల్లెవాడు:
ఒక్క నిమిషం. నిజాంపట్నమా? మాకు పాతిక కిలోమీటర్ల లోపే! చిన్నప్పుడు మా మావయ్య సైకిల్ మీద రేవుకి తీసుకెళ్లి పడవలు చూపించేవాడు. పాత పేరు పెద్దపల్లి అని ఊళ్లో పెద్దవాళ్లు అనేవాళ్లు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లిష్‌వాళ్లు అక్కడికొచ్చి, ఆ తర్వాత మచిలీపట్నం వెళ్లారని చదివాను. పంచ్ సంగతి మాత్రం ఇప్పుడే వింటున్నా. ఈ ఉప్పుగాలి రేవుకి వచ్చిన ఉత్తరంలో ఆ మాట ఉందంటే నాకు ఒళ్లు పులకరించింది. అయిదో నాలుగో పక్కన పెట్టి, కార్డు మీద మా ఊరి పేరు వేయండన్నా.

శొంఠికొమ్ము:
నేను మందు ముట్టనిదాన్ని, అయినా మూడో గిన్నె గురించి చెప్పాలి. బెల్లం, నీళ్లు, మిరియాలు, యాలకులు, నిమ్మరసం. శ్రీరామనవమికి మా ఇంట్లో పానకం ఇలాగే కలుపుతాం. తీపి, పులుపు, ఘాటు, నీళ్లు అన్నీ ఉన్నాయి. సారాయి ఒక్కటే లేదు. నిజాంపట్నం పాత గుంటూరు జిల్లాదే. పానకాల స్వామి ఉన్న మంగళగిరీ ఆ జిల్లాదే. ఆ పడవలవాళ్లు పానకం చూసి పంచ్ చేశారని నేను అనను, దానికి ఆధారం లేదు. కానీ మందు తాగనివాళ్లకి కూల్‌డ్రింక్ సీసా పడేసి సరిపెట్టొద్దు బాబూ. వాళ్లకీ అంతే శ్రద్ధగా కలిపిన గిన్నె ఉండాలి. మిరియాలు అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచండి. పొడి డబ్బాలోది వేస్తే ఘాటు గొంతులోనే ఆగిపోతుంది, ముక్కుకి రాదు.

బార్‌కౌంటర్:
పదకొండేళ్లుగా బార్‌లో కలిపేవాడిగా నాది వేరే గోడు. మీరు దినుసులు లెక్కపెడుతున్నారు, పాళ్లు ఎవరూ మాట్లాడటం లేదు. కరీబియన్‌లో పాత పద్యం ఉంది. ఒక వంతు పులుపు, రెండు తీపి, మూడు ఘాటు (అంటే మందు), నాలుగు నీరు. మసాలా ఊసు లేకుండా నాలుగుతోనే నడిచిపోతుంది. నా మటుకు తీపి రెండు పాళ్లు ఎక్కువ, ఒకటికి తగ్గిస్తా.

అసలు పని నిమ్మతొక్క దగ్గర ఉంది. నాలుగు పెద్ద పసుపు నిమ్మకాయల తొక్క, తెల్లపొర రాకుండా పల్చగా చెక్కి, ఒక కప్పు చక్కెరలో వేసి పప్పుగుత్తితో నలిపి గంట వదిలేయండి. చక్కెర తడి ఇసుకలా అవుతుంది, గిన్నె అడుగున నూనె మెరుస్తుంది. ఆ వాసనే పంచ్. రసం మాత్రమే పిండినది నా లెక్కలో నిమ్మకాయ షర్బత్.

ఐస్ చిన్న ముక్కలు వద్దు. ముందు రోజు రాత్రే పెద్ద డబ్బాలో నీళ్లు గడ్డకట్టించి ఒకే దిమ్మగా వేయండి, మెల్లగా కరుగుతుంది.

నెల్లూరు_నేను:
నేను చెప్పేది పండగ మూడ్‌కి అడ్డమైతే క్షమించండి. కార్డు మీద 'సారా' అని చూడగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. 1992లో దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ల ఉద్యమం మా ఊరి సారా కొట్టు దాకా వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మరుసటి ఏడు అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించింది. ఆ నెల మా అమ్మ కూలి డబ్బులు మొదటిసారి పూర్తిగా ఇంటికి చేరాయి.

పార్టీలు వద్దనడం లేదు, నేనూ వెళ్తాను. కానీ పంచ్ తియ్యగా ఉంటుంది, ఎంత లోపలికి పోయిందో తెలియదు. పోయిన ఏడాది మేం వెళ్లిన పార్టీలో జ్యూస్ అనుకుని నాలుగు గ్లాసులు తాగిన పెద్దాయన్ని ఇద్దరం పట్టుకుని సోఫాలో పడుకోబెట్టాం. గిన్నె మీద పేరు, చరిత్ర కన్నా ముందు అందులో మందు ఎంతుందో రాయండి.

బార్‌కౌంటర్:
నెల్లూరు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు. లెక్క చూడండి. 750 మిల్లీలీటర్ల రమ్ము, 350 కోన్యాక్, 60 పీచ్ బ్రాందీ, అన్నీ 40 శాతంవే అనుకుందాం. వాటికి పావు లీటరు నిమ్మరసం, లీటరు నీళ్లు, చక్కెర కలిస్తే రెండున్నర లీటర్లు. ఐస్ కరగక ముందు 18 శాతం పైమాటే. వైన్ కన్నా గట్టిది. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. 120 మిల్లీలీటర్ల చిన్న కప్పులోనే అంతకు మించి ఉంటుంది. పాత పంచ్ సెట్లలో కప్పులూ అంత చిన్నవే. పెద్ద గ్లాసులు బల్ల మీదే పెట్టకండి.

నిమ్మచెట్టు:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ట్రయల్ వేశా. తొక్క నలుపుతుంటే వంటిల్లంతా వాసన, మా అమ్మాయి హోంవర్క్ వదిలేసి వచ్చి గిన్నెలో ముక్కు పెట్టింది. కృష్ణలంక గారూ, 'పంచ' మాట తీసేయను. ఫ్రయర్ అలా చెప్పాడు అని ఆయన పేరుతోనే వేస్తాను. 'అయిదూ ఉంటేనే' అన్నది మాత్రం కొట్టేశాను.

కార్డు ఇలా మార్చా:

"ఫిష్ హౌస్ పంచ్. చాలా గట్టిది, చిన్న కప్పు ఒక డ్రింక్‌కి పైనే. పంచ్ అన్న పేరు మొదట కనిపించేది 1632లో నిజాంపట్నానికి రాసిన ఒక ఇంగ్లిష్ ఉత్తరంలో. అయిదు దినుసుల వల్ల ఆ పేరు వచ్చిందని 1698లో అచ్చయిన పుస్తకంలో జాన్ ఫ్రయర్ అన్నాడు. ఇందులో ఆరున్నాయి."

మూడో గిన్నెలో పానకం. దాన్ని వేరే బల్ల మీద, పిల్లలకి అందేలా పెడుతున్నాం. మిరియాలు దంచడానికి రోలు మాత్రం లేదు, ఎడిసన్ ఊరి దగ్గర ఎవరికైనా ఉంటే ఒక్క పూటకి ఇవ్వండి.