కోతులతో తలుపు తీసి ఉంచలేకపోతున్నాం, విత్తనానికి వదిలిన బీరకాయ కూడా దక్కలేదు. మీ ఊళ్ళలో ఏం చేస్తున్నారు?

కోరుట్ల కోడలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల జిల్లాలో కోరుట్ల వైపు ఒక చిన్న ఊరు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చి 19 ఏళ్ళు. నేను చెప్పేది ప్రాణాల మీదికి వచ్చిన కష్టమేమీ కాదు. కానీ పొద్దున లేచింది మొదలు దీపం పెట్టే దాకా ఇదే టెన్షన్.

నేను వచ్చిన కొత్తలో మా ముందు తలుపు రాత్రి పడుకునేటప్పుడే వేసేవాళ్ళం. పక్కింటి పెద్దమ్మ మజ్జిగ కోసం వస్తే నేరుగా వంటింట్లోకే వచ్చేది. ఇప్పుడు గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తోంది. నేను కిటికీలోంచి గోడ మీద, చింతచెట్టు మీద చూసుకుని, ఏమీ లేవనుకున్నాక గొళ్ళెం తీస్తాను. ఆమె లోపలికి రాగానే మళ్ళీ వేస్తాను. పట్టపగలు మనింట్లో మనం దొంగల్లా ఉండాల్సి వస్తోంది.

మొన్న మంగళవారం పాలు పొయ్యి మీద పెట్టి కరివేపాకు కోసం పెరట్లోకి వెళ్ళాను. పది అడుగుల దూరం, అంతే. తిరిగొచ్చేసరికి వంటగట్టు మీద ఒక పెద్ద ఆడకోతి, పొట్టకు కరుచుకుని పిల్ల. చక్కెర డబ్బా మూతను రెండు బొటనవేళ్ళతో చెరో పక్క నుంచి పైకి నెట్టింది, అచ్చం నేను తీసినట్టే. మూత కిందపడి గిర్రున తిరుగుతోంది. అది నన్ను చూస్తూనే గుప్పెడు చక్కెర నోట్లో వేసుకుంది. పిల్ల తల్లి గడ్డానికి అంటిన పలుకులు నాకుతోంది. ఇంతలో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాస్ వాసన వస్తున్నా నేను లోపలికి అడుగు పెట్టలేను, అది బయటికి రాదు. చివరికి మా ఆయన వెనక తలుపు నుంచి వచ్చి కర్రతో నేల మీద కొడితే వెళ్ళింది.

గూన పెంకులు లేపడం, ట్యాంకు మూత తీసి అందులో స్నానాలు చేయడం, ఆరేసిన బట్టలు ఎత్తుకెళ్ళడం, ఇవన్నీ మీ అందరికీ తెలిసినవే. వాటి గురించి రాయను.

నాకు బాధ కలిగించింది బీరకాయ. మా అత్తమ్మ తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న బీర విత్తనం అది. పొట్టి కాయ, నున్నటి ఈనెలు, చేదు ఒక్కనాడూ రాలేదు. ప్రతి ఏడూ పందిరి మీద మంచి కాయలు రెండు చూసి, గుర్తుగా ఎర్రదారం కట్టి, ఎండే దాకా వదిలేస్తుంది. ఆ గింజలే మరుసటి ఏడాదికి. పోయినేడు ఒకటి దక్కింది. ఈసారి రెండూ పచ్చిగా ఉండగానే పీకి, చీల్చి పారేశాయి. అత్తమ్మ ఏమీ అనలేదు. పందిరి కింద పడ్డ ముక్కల్లో నుంచి తెల్లటి లేత గింజలు ఏరి కొంగులో వేసుకుంది. అవి మొలవవని ఆమెకూ తెలుసు.

కొట్టడానికి మాకు చేయి రాదు. కొండగట్టు అంజన్నకు మొక్కుకునే ఇల్లు మాది. నిరుడు ఊళ్ళో ఇంటికింత అని చందా వేసుకుని పట్టేవాళ్ళను పిలిపించారు. బోన్లలో పట్టి ఎక్కడో వదిలారు. రెండు నెలలకు మళ్ళీ అంతే మంది. పక్క ఊరివాళ్ళు వాళ్ళవి పట్టి మన వైపు వదిలారని అందరూ అనుకున్నారు. మనం వదిలినవి ఎవరి పందిరి మీద పడ్డాయోనని నాకు మాత్రం అనిపించింది.

పెరట్లో నాలుగు పాదులైనా దక్కే దారి ఉంటే చెప్పండి.

మక్క మానేసిన రైతు:

అక్కా, మాది సిద్దిపేట జిల్లా. నేను మక్క, పల్లి రెండూ మానేసి నాలుగేళ్ళయింది, కోతుల వల్లనే. కంకి పాలు పట్టే సమయానికి మంద దిగితే ఒక్క పూటలో మడి మడంతా విరిచేస్తాయి. తినేది ఒక వంతు, పారేసేది మూడు వంతులు. నాకు కోపం వచ్చేది అక్కడే. ఆకలైతే తిననీ, విరిచి పారేయడమెందుకు?

బెదిరించే ఉపాయాలన్నీ చూశాను. పులి బొమ్మ నాలుగు రోజులు పనిచేసింది. ఐదో రోజు దాని నెత్తి మీదే కూర్చున్నాయి. 2022లో మా జిల్లాలోనే కోహెడ మండలంలో ఒక రైతు ఎలుగుబంటి వేషం వేసిన మనిషిని రోజుకు 500 రూపాయల కూలికి పెట్టుకున్నాడు, పేపర్లలో కూడా వచ్చింది. కదిలే మనిషి కాబట్టి అది కొంత నయం. కానీ నాలుగు పాదులకు అంత కూలి ఎవరు పెడతారు?

ఒక్కటి మాత్రం చేతులెత్తి చెబుతున్నా, పీవీసీ గొట్టంలో కార్బైడ్ వేసి పేల్చే తుపాకీ ఇంట్లోకి రానివ్వకండి. పేలలేదని పిల్లలు గొట్టంలోకి తొంగిచూస్తారు, అప్పుడే పేలుతుంది. కళ్ళు పోతాయి.

పెరడుకు దారి ఒక్కటే, చుట్టూ జాలి కంచె. చేపల వల కాదు, దాన్ని పళ్ళతో కొరికేస్తాయి. ఇనుప జాలి కావాలి. పందిరంతా అక్కర్లేదు. నాలుగు గుంజలు పాతి, మంచమంత జాగాకు పక్కలా పైనా కట్టించి చిన్న తలుపు పెట్టండి. మా ఇంట్లో టమాటా, వంకాయ దాంట్లోనే పండుతున్నాయి. కాయ జాలికి ఆనుకుని వేలాడకుండా చూసుకోవాలి, బయటి నుంచి వేళ్ళు పెట్టి లాగుతాయి.

ఊరి నర్సమ్మ:

అమ్మా, చక్కెర డబ్బా దగ్గర మీరు ముందుకు వెళ్ళకపోవడమే మంచిదైంది. పిల్లతల్లి కోతికి మధ్యలో దారి మూసేస్తే మీద పడుతుంది. ఎప్పుడైనా దానికి బయటికి వెళ్ళే దారి వదిలి పక్కకు నిలబడండి. కళ్ళలోకి సూటిగా చూడొద్దు. పిల్లలకైతే కోతిని చూసి పళ్ళు కనిపించేలా నవ్వొద్దని చెప్పండి, దాన్ని అవి పోట్లాటకు పిలిచినట్టు తీసుకోవచ్చు.

కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా పసుపు, కారం, సున్నం ఏదీ రాయొద్దు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది గాయానికి ఏదో ఒకటి పూసుకునే వస్తారు. దాన్ని కడగడానికే నాకు సమయం పోతుంది. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి మరీ. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. మొదటి సూదితో నొప్పి తగ్గిందని మిగతావి మానేయకూడదు, చెప్పిన తేదీలన్నింటికీ రావాలి. కోతేగా, కుక్క కాదుగా అనుకోవద్దు.

ఇంకొకటి, గ్యాస్ వాసన వచ్చినప్పుడు లైటు స్విచ్ ముట్టుకోకుండా ముందు కిటికీలు తీయండి. ఆ రోజు మీరు అలాగే చేశారనుకుంటాను.

నిర్మల్ వాసి:

పట్టి వదలడం గురించి మీరు రాసింది నిజం. ఊరి తిండికి అలవాటు పడ్డ కోతి ఎక్కడ వదిలినా ఊరినే వెతుక్కుంటుంది. మా నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ కేంద్రం తెరిచారు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోసం. చందా వసూలు చేసి ప్రైవేటు వాళ్ళను పిలిచే బదులు గ్రామసభలో తీర్మానం రాసి అటవీశాఖకు ఇవ్వండి. వెంటనే పని కాకపోవచ్చు, కానీ పక్క ఊరి నెత్తిన పడేసిన పాపం ఉండదు.

మీవి ఎర్రమూతివా, లేక నెత్తిన టోపీ పెట్టినట్టు వెంట్రుకలుండి తోక పొడుగ్గా ఉన్నవా? మా వైపు ఎర్రమూతివే ఎక్కువ. కొండముచ్చును తెచ్చి కట్టేస్తే ఇవి పారిపోతాయని ఎవరైనా చెప్పినా వినొద్దు. దాన్ని పట్టి పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

నాకు గుర్తున్నంత వరకు మా చిన్నప్పుడు రోడ్డు పొడుగునా మర్రి, మేడి, రావి ఉండేవి. గుట్ట మీద తునికి, సీతాఫలం ఉండేవి. కోతులు అక్కడే తిరిగేవి, ఊళ్ళోకి వస్తే వింతగా చూసేవాళ్ళం. రోడ్డు వెడల్పుకు చెట్లు పోయాయి, కంకర కోసం గుట్ట సగం పోయింది. ఆపైన కార్లు ఆపి అరటిపళ్ళు, బిస్కెట్లు వేసేవాళ్ళు. పుణ్యం అనుకుని వేస్తారు కానీ, మనిషి చేతిలో సంచి కనబడితే లాక్కోవడం వాటికి అలా అలవాటైంది. దయచేసి ఎవరూ వేయకండి.

మెట్‌పల్లి ఆడపడుచు:

వదినా, మీ అత్తమ్మ ఆ బీర గింజలు ఇన్నేళ్ళలో ఎవరికైనా ఇచ్చారేమో అడిగి చూడండి. మా అమ్మ అయితే ఇంటికొచ్చిన ఆడపిల్లకు గింజలు ఇవ్వకుండా పంపేది కాదు. మా ఇంట్లో చిక్కుడు విత్తనం ఒకసారి పురుగు పట్టి మొత్తం పోతే, పదేళ్ళ కింద అమ్మ ఇచ్చిన చిన్నక్క ఇంటి నుంచే తిరిగొచ్చింది.

కోరుట్ల కోడలు:

అందరికీ పేరుపేరునా దండాలు. నర్సమ్మా, ఆ రోజు కిటికీలు తీశాము, సిలిండర్ కూడా ఆపేశాము. నిర్మల్ అన్నా, మావీ ఎర్రమూతివే. తీర్మానం సంగతి మా వార్డు మెంబరుతో మాట్లాడాను, వచ్చే గ్రామసభలో పెడతానన్నాడు.

మెట్‌పల్లి వదినా, మీరు రాసింది చదివి వినిపించగానే అత్తమ్మ కాసేపు ఆలోచించి, వేములవాడ దగ్గర ఉండే తన చెల్లెలికి ఇచ్చానంది. రాత్రే ఫోన్ చేశాము. ఆ చిన్నత్తమ్మ లైన్లోనే ఉండి అటక దించి వెతికింది. పోయినేటి కాయవి, బూడిదలో కలిపి సీసాలో పెట్టినవి 17 గింజలు ఉన్నాయట. లెక్కపెడుతుంటే ఇక్కడ అత్తమ్మ కూడా ఒకటి, రెండు అంటూ వేళ్ళు మడిచింది. అన్నీ ఇచ్చేయకు, సగం నీ దగ్గరే ఉంచుకో అని ఆమే చెప్పింది.

తమ్ముడు చెప్పినట్టు మంచమంత జాగాకు జాలి కట్టిస్తున్నాము. వెల్డింగ్ అతను ఆదివారం వస్తానన్నాడు. జాలి గంత ఎంత వెడల్పు ఉండాలి తమ్ముడూ? తీగ ఆకులు బయటికి వచ్చినా పర్వాలేదు, వాటి చేయి మాత్రం లోపలికి దూరకూడదు.